చవక కుట్టుమిషన్ మీద బొంత కుట్టేటప్పుడు వచ్చే సమస్యలు, పరిష్కారాలు

పెద్ద స్టోర్లలో పెట్టెలో పెట్టి అమ్మే తేలికపాటి మిషన్ మీద క్విల్ట్ కుట్టొచ్చా అంటే, కుట్టొచ్చు. ముక్కలు అతకడానికి తిన్నగా వెళ్లే కుట్టు ఒక్కటి చాలు. ఆ కుట్టు చవక మిషన్ కూడా బాగానే వేస్తుంది. పై గుడ్డ, దూది పొర, అడుగు గుడ్డ మూడూ కలిపి కుట్టే దగ్గరే ఇబ్బందులు మొదలవుతాయి. అక్కడ కుట్టు చెడగానే అందరూ దారం బిగువు మార్చే టెన్షన్ చక్రం తిప్పడం మొదలుపెడతారు. దయచేసి దాన్ని ముట్టుకోకండి. ముందు ఈ కింది మూడు పనులూ చేయండి, ఒక్కటి కూడా వదలకుండా.

ఒకటి, గుడ్డను అదిమిపట్టే ఫుట్ పైకెత్తి, పైదారం మొత్తం తీసేసి మళ్లీ మొదటినుంచి ఎక్కించండి. ఫుట్ దించి ఉంటే దారాన్ని పట్టే టెన్షన్ బిళ్లలు రెండూ బిగుసుకుని ఉంటాయి, దారం వాటి మధ్యకు దిగకుండా పైపైనే ఉండిపోతుంది. చూడ్డానికి మాత్రం అంతా సరిగ్గా ఎక్కించినట్టే కనిపిస్తుంది. ఎక్కించాక ఫుట్ దించి, సూది దగ్గర దారం పట్టి లాగండి. బిగువుగా రావాలి, సూది కాస్త వంగాలి. ఫుట్ ఎత్తి లాగితే తేలిగ్గా రావాలి. రెండుసార్లూ ఒకేలా వచ్చిందంటే దారం బిళ్లల్లో పడలేదన్నమాట.

రెండు, సూది మార్చండి. మూడు పొరలకు 90/14 నంబరు క్విల్టింగ్ సూది గానీ టాప్‌స్టిచ్ సూది గానీ కావాలి. మిషన్‌తో పాటు వచ్చిన సూదితోనే బొంత అంతా లాగించొద్దు. సుమారు ఎనిమిది గంటల కుట్టుకు ఒక సూది అని లెక్క పెట్టుకోండి. చదునుగా ఉన్న వైపు వెనక్కి పెట్టి, పైన ఆనేదాకా దూర్చి, అప్పుడు మర బిగించండి. ఒక్క మిల్లీమీటరు కిందికి దిగి ఉన్నా కుట్టు తప్పుతుంది.

మూడు, సూది పలక (సూది కింద ఉండే లోహపు పలక) విప్పి బ్రష్‌తో పీచు తీయండి. దూది పొర కుట్టేటప్పుడు రెండు మూడు బాబిన్లకు (అడుగు దారం చుట్టే చిన్న రీళ్లు) ఒకసారి ఈ పని తప్పదు. నోటితో ఊదితే పీచు ఇంకా లోపలికి పోతుంది.

బాబిన్ కూడా మిషన్‌తో వచ్చిన రకమే వాడాలి. క్లాస్ 15, క్లాస్ 66 బాబిన్లు పక్కపక్కన పెడితే గానీ తేడా తెలియదు. ఎత్తులో తేడా మిల్లీమీటరు లోపే, కానీ ఒకదాని బదులు ఇంకొకటి వేస్తే అడుగు దారం ఎప్పటికీ కుదురుగా రాదు.

అడుగున దారం గూడు కడుతోంది

అడుగున కనిపిస్తోంది కాబట్టి బాబిన్ తప్పు అనుకుంటారు. అడుగున పోగయ్యేది పైదారం. పైన చెప్పిన మొదటి పని సరిగ్గా చేస్తే ఇది చాలావరకు పోతుంది. కుట్టు మొదట్లో మాత్రమే గూడు కడుతుంటే, చేతి చక్రం తిప్పి అడుగు దారాన్ని పైకి లాగి, రెండు దారాల కొసలూ పట్టుకుని మొదటి మూడు నాలుగు కుట్లు వేయండి.

బ్లాకుల కొలతలు కుదరడం లేదు

ఫుట్ అంచును కొలతగా పెట్టుకుని కుడుతున్నారు, అదీ కారణం. ముక్కలు అతికి చేసే బ్లాకుల్లో కుట్టు గుడ్డ అంచుకు పావు అంగుళంలో పడాలి. చవక మిషన్లతో వచ్చే జిగ్‌జాగ్ ఫుట్ అంచు చాలావాటిలో సూదికి పావు అంగుళం కంటే ఎక్కువ దూరంలో ఉంటుంది. ఒకటిన్నర అంగుళాల వెడల్పు పట్టీలు మూడు కోసి, పక్కపక్కన అతికి, ఇస్త్రీ చేయండి. మధ్య పట్టీ సరిగ్గా ఒక అంగుళం రావాలి, మొత్తం వెడల్పు మూడున్నర. తక్కువ వస్తే కుట్టు లోపలికి పోతోందని అర్థం. సూదిని కుడివైపు జరిపే వీలుంటే జరపండి. లేదంటే స్కేలు పెట్టి, సూది నుంచి పావు అంగుళం దూరంలో సూది పలక మీద మందపాటి టేపు ముక్క అంటించి, గుడ్డ అంచును దానికి ఆనించి కుట్టండి.

కుట్లు ఒకచోట పొట్టి, ఒకచోట పొడుగు, మధ్యలో తప్పిపోవడం, సూదులు విరగడం

అనుభవం ఉన్నవాళ్లు కూడా మోసపోయేది ఇక్కడే. కొత్త సూది, మంచి దారం, అంతా సరిగ్గానే ఉంటుంది. పనికిరాని ముక్క మీద కుడితే కుట్లు ముత్యాల్లా పడతాయి. బొంత పెట్టగానే మళ్లీ అదే గోల. దాంతో మిషన్‌కు బలం చాలడం లేదని తేల్చేసి, ఇంకా ఖరీదైన మిషన్ కొంటారు. దాని మీదా కొంతవరకు ఇదే జరుగుతుంది, ఎందుకంటే తప్పు మిషన్ లోపల లేదు. బల్ల అంచు మీంచి కిందికి వేలాడుతున్న బొంత బరువే కారణం.

గుడ్డలు ఒక్కొక్కటి చదరపు మీటరుకు 140 గ్రాములు, దూది పొర 120 గ్రాములు అనుకుంటే, మూడూ కలిపి 400 గ్రాములు. 150 × 200 సెంటీమీటర్ల బొంత 1.2 కిలోలు తూగుతుంది, 220 × 240 అయితే రెండు కిలోలు దాటుతుంది. అందులో సగం బల్ల కిందికి వేలాడుతుంటే, ఆ బరువంతా లాగేది సూది దగ్గరున్న ఆ కాస్త గుడ్డనే.

గుడ్డను జరిపే పళ్లు పైకి లేచి పట్టేది సూది బయట ఉన్నంతసేపే. మీరు 3 మిల్లీమీటర్ల కుట్టు పెట్టినా, వెనక్కి లాగే బరువుంటే పళ్లు గుడ్డ కింద జారతాయి, కుట్టు ఒకటిన్నరకే ఆగిపోతుంది. సూది లోపల ఉన్నప్పుడు ఇంకా ప్రమాదం. 90 నంబరు సూది మందం 0.9 మిల్లీమీటర్లు. అంత సన్నటి ఉక్కు పక్కకు లాగితే వంగుతుంది. అడుగున తిరిగే కొక్కెం సూదికి కాగితం మందమంత దూరంలో వెళ్తూ దారం ఉచ్చును అందుకోవాలి. సూది అటు వంగితే ఉచ్చు అందదు, కుట్టు తప్పుతుంది. ఇటు వంగితే సూది మొన కొక్కేనికో పలకకో తగిలి విరుగుతుంది. విరిగినప్పుడు పలక రంధ్రం అంచున గీటు పడితే, ఆ తర్వాత దారం తెగడం మొదలవుతుంది. అసలు కారణం ఎప్పుడో మరుగున పడిపోతుంది.

ఇదే కారణమా అని తేల్చుకోవడానికి ఇలా చేయండి. కుడుతూ కుడుతూ మధ్యలో ఆపి, సూది గుడ్డలోనే ఉండగా ఫుట్ ఎత్తండి. కళ్లు సూది మీదే పెట్టండి. గుడ్డ మీ ఒడివైపో ఎడమవైపో చటుక్కున జరిగినా, సూది ఒక పక్కకు వాలినా, బరువు లాగుతున్నట్టే. ఇంకో గుర్తు కూడా ఉంది: వరస మొదట్లో బొంత అంతా మీ ఒడి వైపు వేలాడుతుంది కాబట్టి కుట్లు పొట్టిగా పడతాయి. వరస చివరికి వచ్చేసరికి అది బల్ల వెనక జారిపడి ముందుకు లాగుతుంది, కుట్లు పొడుగవుతాయి. ఒకే వరసలో ఈ రెండూ కనిపిస్తే ఇంకేమీ వెతకక్కర్లేదు.

పరిష్కారం బల్ల దగ్గర మొదలవుతుంది. బల్ల మీంచి సూది పలక దాకా ఎంత ఎత్తుందో కొలవండి. అంత మందానికి గట్టి థర్మాకోల్ పలకలు పేర్చి, మిషన్ ఆకారానికి కోసి, ముందువైపూ ఎడమవైపూ ఆనించండి. ఎడమ పక్క కనీసం 45 సెంటీమీటర్లు ఉండాలి. పైన నున్నటి షీటు ఏదైనా పరిస్తే గుడ్డ జారుతూ కదులుతుంది. బల్ల వెనక అంచును గోడకు ఆనించండి, అప్పుడు బొంత అటు పడదు. ఎడమవైపు ఇంకో బల్ల గానీ కుర్చీ గానీ అదే ఎత్తులో వేయండి. ఈ మిషన్ల బరువు మామూలుగా ఐదారు కిలోలే కాబట్టి బొంత లాగితే మిషనే కదులుతుంది. కింద రబ్బరు చాప వేయండి.

ఇక చేతులు. బొంతను చాపలా బిగించి చుట్టొద్దు. చుట్ట కర్రలా బిరుసెక్కి మిషన్ గోడకు తగులుతూ సూదిని నెడుతుంది. దాన్ని వదులుగా కుప్పలా తోయండి. ముందున్న భాగాన్ని ఒడిలో వేలాడనివ్వకుండా గుండెల దాకా ఎత్తి పెట్టుకోండి. సూది చుట్టూ జానెడు మేర గుడ్డ ఎటూ లాగకుండా సడలి ఉండాలి. ఆ జానెడూ కుట్టగానే ఆపండి, సూది గుడ్డలో దించే ఉంచండి, మళ్లీ సడలు చేసుకుని ముందుకు వెళ్లండి. ఇలా ఆపడానికి ఓపిక పట్టలేకే చాలామంది బొంతలు పాడుచేసుకుంటారు.

అడుగు గుడ్డ ముడతలు పడుతోంది

రెండు కారణాలు. మొదటిది, పొరలు సరిగ్గా పట్టించకపోవడం. అడుగు గుడ్డను బల్లకు టేపుతో అంటించండి. ముడత లేకుండా ఉంటే చాలు, సాగదీయొద్దు. దాని మీద మిగతా రెండు పొరలూ పరిచి, నాలుగు అంగుళాలకొక పిన్నీసు పెట్టండి. మధ్యలోంచి మొదలుపెట్టి అంచులకు కుట్టుకుంటూ రండి.

రెండోది, ఫుట్ ఒత్తిడి. చవక మిషన్లలో చాలావాటికి ఆ ఒత్తిడి తగ్గించే మీట ఉండదు. కింది పళ్లు అడుగు గుడ్డను లాగుతుంటే ఫుట్ పై గుడ్డను ముందుకు నెడుతూ పోతుంది. దీనికి వాకింగ్ ఫుట్ (పై గుడ్డను కూడా పళ్లతో జరిపే ఫుట్) తప్పనిసరి, ఇది లేకుండా మూడు పొరల మీద తిన్నటి వరసలు ఆశించొద్దు. ఫుట్ దించి, సూది పలక నుంచి ఫుట్ మర మధ్య దాకా కొలిస్తే ముప్పావు అంగుళం లోపు ఉంటే లో షాంక్ రకం (ఫుట్ బిగించే కాడ పొట్టిగా ఉన్న మిషన్లకు సరిపోయేది) కొనండి. బిగించేటప్పుడు దాని కొమ్ము సూది మర మీద కూర్చోవాలి. అది పక్కన ఊరికే వేలాడుతుంటే వాకింగ్ ఫుట్ అసలు పనిచేయదు. కుట్టు పొడవు 3 పెట్టి, మధ్యస్థ వేగంతో కుట్టండి.

మోటార్ మూలుగుతూ ఆగిపోతోంది

నాలుగైదు అతుకులు కలిసే చోట ఇలా అవుతుంది. పెడల్ నొక్కిపట్టి మోటార్‌ను సతాయించొద్దు, కాలిపోతుంది. కాలు తీసేసి, చేతి చక్రం మీ వైపుకు తిప్పుతూ ఆ నాలుగు కుట్లూ దాటించండి. ముక్కలు అతికేటప్పుడే అతుకు వెనక మిగిలిన అంచులను రెండు వైపులా తెరిచి ఇస్త్రీ చేస్తే ఆ మందం చాలా తగ్గుతుంది.

గుడ్డను చేత్తో ఎటు కావాలంటే అటు తిప్పుతూ కుట్టే ఫ్రీ మోషన్‌లో చిక్కులు

పళ్లు దించే మీట లేకపోతే మిషన్‌తో వచ్చిన, పళ్లను కప్పే మూత పలక బిగించండి, కుట్టు పొడవు సున్నా పెట్టండి. ఫ్రీ మోషన్‌కు వాడే డార్నింగ్ ఫుట్ దించినా గుడ్డ మీద వదులుగానే ఆడుతుంది కాబట్టి ఫుట్ మీట దించడం మర్చిపోతారు. అడుగున గూడు కడితే ముందు అదే చూడండి. వంపుల దగ్గర అడుగున దారం కనురెప్ప వెంట్రుకల్లా లాగినట్టు కనిపిస్తే, చెయ్యి సూది కంటే వేగంగా పోతోంది. పెడల్ కాస్త పెంచి చెయ్యి నెమ్మదించండి.

అరుదైనవి

కొక్కెం టైమింగ్ తప్పడం (కొక్కెం సరైన సమయానికి సూది దగ్గరకు రాకపోవడం): సూది గట్టిగా విరిగిన తర్వాత, చిన్న ముక్క మీద కూడా ఒక్క కుట్టూ పడకపోతేనే అనుమానించండి. అది మెకానిక్ పని. పలక మీద గీటు: పాత నైలాన్ మేజోడుతో రుద్దితే పోగు తగులుకుంటుంది. సన్నటి ఎమెరీ కాగితంతో నున్నగా చేయండి, లేదా పలక మార్చండి. బెల్టు, పెడల్ జోలికి పోనక్కర్లేదు.

మిషన్ నిజంగా చాలని చోటు

సూది నుంచి మిషన్ గోడకు ఉన్న ఖాళీ వీటిలో చాలావాటికి 15–16 సెంటీమీటర్లే. 150 × 200 వరకు తిన్నటి వరసలు హాయిగా కుట్టొచ్చు. 220 × 240 బొంత సగం ఆ సందులో దూర్చి పూలూ తీగలూ తిప్పాలంటే మాత్రం కుదరదు. అంత పెద్దది కావాలంటే 40 సెంటీమీటర్ల బ్లాకులుగా మూడు పొరలూ పట్టించి, ఒక్కొక్కటీ విడిగా కుట్టేసి, ఆ తర్వాత పట్టీలతో కలపండి. కలిపేముందు ప్రతి బ్లాకు నాలుగు వైపులా స్కేలు పెట్టి ఒకే కొలతకు కత్తిరించండి. కుట్టాక దూది పొర ఒక్కో బ్లాకులో ఒక్కోలా దగ్గరపడుతుంది.