నా నోట్స్ నా విద్యార్థికి ఎందుకు వినిపించలేదు?

చెన్నైలో ఒక కాలేజీలో తెలుగు చెబుతాను. క్లాసులో సూళ్లూరుపేట అబ్బాయి ఒకడు ఉన్నాడు, చూపు లేదు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్‌తో చదువుకుంటాడు. "మేడమ్, మీ నోట్స్ తెరిస్తే ఏవో ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు వినిపిస్తున్నాయి" అన్నాడు. అప్పటికే నెల గడిచింది. చాలా బాధేసింది.

కారణం ఫాంట్. నా నోట్స్ అచ్చుపని కోసం వాడే పాత డీటీపీ ఫాంట్‌లో ఉంది. తెర మీద కనిపించేది తెలుగే, లోపల ఉన్నవి మాత్రం ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌లు. స్క్రీన్ రీడర్ చదివేది ఆ కోడ్‌లనే.

కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి, అంటే తెలుగు అక్షరాలకు సొంత కోడ్‌లు ఉండే పద్ధతిలోకి మార్చాను. వత్తులు చెదిరిపోయిన చోట్ల చేత్తో దిద్దడానికి మూడు రాత్రులు పట్టింది. పద్యాల దగ్గర మాత్రం తొందరపడకండి. వర్డ్‌లో శీర్షికలను ఊరికే బోల్డ్ చేయకుండా హెడ్డింగ్ స్టైల్ ఇచ్చాను. ఎన్‌వీడీఏ బ్రౌజ్ మోడ్‌లో (ఒక్కో కీ నొక్కుతూ పేజీలో తిరిగే పద్ధతి) హెచ్ నొక్కితే తర్వాతి శీర్షికకు వెళ్లిపోవచ్చు. పీడీఎఫ్ కావాలంటే 'ప్రింట్ టు పీడీఎఫ్' వద్దు, ఆ హెడ్డింగుల సమాచారం పోతుంది. 'సేవ్ యాజ్' వాడండి. స్కాన్ పేజీలకు, బొమ్మలోని అక్షరాలను టెక్స్ట్‌గా మార్చే టెసరాక్ట్ ఓసీఆర్ ఉంది, తెలుగూ గుర్తిస్తుంది.

మొన్న ఆ అబ్బాయే ఫోన్ చేశాడు: "మేడమ్, రెండో పద్యంలో యతి కుదరడం లేదు, అక్షరం తప్పు పడినట్టుంది." నిజమే, పడింది. దిద్దాను.