మన డెస్క్‌టాప్ మనమే కట్టుకుందాం – 4వ పాఠం: ఎస్ఎంపీఎస్ ఎంపిక

పోయిన పాఠం చివర ఒక పని చెప్పాను. ఏ ప్రాసెసరు, ఏ గ్రాఫిక్స్ కార్డు తీసుకోవాలో ఖాయం చేసుకుని, రెండూ ఎన్నెన్ని వాట్లు తీసుకుంటాయో కాగితం మీద రాసి పెట్టుకోమన్నాను. ఆ కాగితం ఇప్పుడు దగ్గర పెట్టుకోండి, కాసేపట్లో అవసరం పడుతుంది.

పవర్ సప్లైని మన షాపుల్లో అందరూ ఎస్ఎంపీఎస్ అనే అంటారు. నేనూ అలాగే రాస్తాను. గోడ సాకెట్‌లోంచి వచ్చే 230 వోల్టుల ఏసీ కరెంటును 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చి బోర్డుకీ, కార్డుకీ, డిస్కుకీ పంచిపెట్టడం దీని పని. అన్నీ కొనేశాక చివర మిగిలిన డబ్బుతో కొనే వస్తువు కూడా చాలామందికి ఇదే. అక్కడే దెబ్బ తింటున్నాం. మన గోదావరి డెల్టాలో ఉండేవాళ్లు ఎస్ఎంపీఎస్‌ని ముందు ఇంటి కరెంటును బట్టి ఎంచుకోవాలి, ఆ తర్వాతే కంప్యూటర్‌ని బట్టి. ఎందుకంటున్నానో ఒక ఇంట్లో చూసింది చెబుతాను.

రాత్రి ఎనిమిదిన్నరకి ఆగిపోయే కంప్యూటర్

మా అక్కావాళ్లది రాజోలు దగ్గర పల్లెటూరు. మేనల్లుడు ఇంజనీరింగ్‌లో చేరాక సొంతంగా డెస్క్‌టాప్ కట్టుకున్నాడు. పగలంతా బాగానే నడిచేది. రాత్రి ఎనిమిది, ఎనిమిదిన్నర అయ్యేసరికి ఉన్నట్టుండి రీస్టార్ట్ అయ్యేది. విండోస్ మళ్లీ వేశాడు, ర్యామ్ మార్చాడు. చివరికి "మావయ్యా, ఒకసారి వచ్చి చూడవా, పిచ్చెక్కిపోతోంది" అని ఫోన్ చేశాడు.

సాయంత్రమే వెళ్లి కూర్చున్నాను. ఏడు గంటలకి మల్టీమీటరు సాకెట్‌లో పెడితే 221 చూపించింది. వాళ్ల ఊరి చుట్టూ రొయ్యల చెరువులే. పొద్దు గూకితే నీళ్లలోని నాచు ఆక్సిజన్ తయారు చేయడం ఆపేస్తుంది కాబట్టి రాత్రిపూట ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే మోటార్లు) తిప్పక తప్పదు. ఒక్కో చెరువు దగ్గరా మోటార్లు మొదలయ్యాయి. మీటరులో అంకె 205 అయింది, 190 అయింది, ఎనిమిదిన్నరకి 176. ట్యూబులైటు డల్ కొట్టింది, ఫ్యాను మెల్లబడింది. మూలనున్న ఇన్వర్టరు టక్‌మని బ్యాటరీ మీదికి మారింది. ఆ టక్‌తోపాటే కంప్యూటరూ రీస్టార్ట్ అయింది.

కేబినెట్ వెనక్కి తిప్పి టార్చ్ వేసి చూశాను. ఎస్ఎంపీఎస్ వెనకాల ప్లగ్ పెట్టే చోటు పక్కనే చిన్న ఎర్ర స్విచ్, 115/230 అని. పక్క మూత తీసి లేబుల్ చదివాను. పైన పెద్ద అక్షరాల్లో 500 వాట్లు అని ఉంది. కింద పట్టికలో 12 వోల్టుల గడిలో 14 ఆంపియర్లు. జబ్బేమిటో ఆ రెండింటితోనే తెలిసిపోయింది. ఈ పాఠంలో మీరు నేర్చుకోవాల్సినవి ముఖ్యంగా అవే.

లేబుల్ చదవడం

వాట్లంటే వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వచ్చేది. ఇప్పటి కంప్యూటర్లలో ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు రెండూ బతికేది 12 వోల్టుల మీదే. కాబట్టి అట్ట పెట్టె మీది అంకెను వదిలేసి 12 వోల్టుల గడి దగ్గరికి వెళ్లండి. మేనల్లుడి దాంట్లో 12ను 14తో గుణిస్తే 168 వాట్లు. మిగతాదంతా 5, 3.3 వోల్టుల గడుల్లో పెద్ద అంకెలు వేసి 500కి లాగినదే, ఆ వోల్టులతో ఇప్పుడు అంత అవసరం లేదు. అదే ఒక మంచి 550 వాట్ల ఎస్ఎంపీఎస్ లేబుల్ చూస్తే 12 వోల్టుల దగ్గర 45 ఆంపియర్ల దాకా ఉంటుంది, అంటే 540 వాట్లు. పెట్టె మీది అంకెకీ 12 వోల్టుల లెక్కకీ తేడా చాలా తక్కువ ఉండాలి. కొన్నింటిలో 12 వోల్టులను రెండు గడులుగా విడగొట్టి చూపిస్తారు. ఆ రెండింటినీ కూడేయకండి, కింద 'మొత్తం' అని ఇచ్చిన వాట్లను తీసుకోండి.

ఇప్పుడు మీ కాగితం తీయండి. ఉదాహరణకి రైజెన్ 5 7600 ప్రాసెసరు అనుకుందాం. పెట్టె మీద 65 వాట్లని ఉన్నా, పూర్తిగా పని చేసేటప్పుడు 88 దాకా తీసుకుంటుంది. ఆర్‌టీఎక్స్ 4060 కార్డు 115 వాట్లు. బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఫ్యాన్లు అన్నీ కలిపి ఓ 60 వేసుకోండి. మొత్తం 263. ఈ కార్డుకి ఎన్విడియా చెప్పేది 550 వాట్ల ఎస్ఎంపీఎస్. సగం లోడు దగ్గర నడిస్తే ఎస్ఎంపీఎస్ వేడెక్కడం తక్కువ, ఫ్యాను మోతా తక్కువ. పైగా గ్రాఫిక్స్ కార్డులు రెప్పపాటులో తమ లెక్క దాటి కరెంటు గుంజుతాయి. పెద్ద కార్డుల్లో ఇది మరీ ఎక్కువ. అందుకే 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణంలో, కొత్త రకం కార్డు కనెక్టరున్న పెద్ద ఎస్ఎంపీఎస్‌లు తమ రేటింగుకి రెండింతల లోడును 100 మైక్రోసెకన్లపాటు తట్టుకోవాలని పెట్టారు. మీకు గ్రాఫిక్స్ కార్డే వద్దు, డీటీపీ పనికో పిల్లల చదువుకో అంటే మంచి రకం 450 వాట్లది ధారాళంగా సరిపోతుంది. ఆ పనికి 750 అమ్మబోతే తీసుకోకండి. ఆ డబ్బు ఎస్ఎస్‌డీకి పెట్టండి.

చెరువు నిండా నీళ్లు

ఎర్ర స్విచ్ సంగతికొద్దాం. ఈ పాఠంలో ఇదే అసలు భాగం, నిదానంగా చదవండి.

వేసవిలో మనకి కాలవలు కట్టేస్తారు కదా. కట్టేసేలోపే ఊరి మంచినీళ్ల చెరువు నింపుకుంటాం. మళ్లీ కాలవ వదిలేదాకా ఊరంతా ఆ చెరువు మీదే బతుకుతుంది. ఎస్ఎంపీఎస్ లోపల కూడా అలాంటి చెరువు ఒకటుంది. పెద్ద కెపాసిటరు అది, బొటనవేలికంటే లావుగా డబ్బాలా ఉంటుంది. బయట కరెంటు ఒక్క క్షణం తెగినా అందులో నిల్వ ఉన్నదే కంప్యూటర్‌ని నడుపుతుంది. ఎంతసేపు? మంచివాటిలో నిండు లోడు మీద 16, 17 మిల్లీసెకన్లు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఒక్క సైకిల్ 20 మిల్లీసెకన్లు. అంటే ఒక్క సైకిల్‌కి కాస్త తక్కువ. ఇన్వర్టరు బ్యాటరీ మీదికి మారడానికి పట్టే టైము ఈ లోపే అయిపోవాలి.

ఎర్ర స్విచ్ ఉన్న పాత రకాల్లో ఆ చెరువు మట్టం కాలవ మట్టాన్ని బట్టే ఉంటుంది. గోడలో 230 వోల్టులుంటే కెపాసిటరు దాదాపు 325 దాకా నిండుతుంది. 176కి పడిపోతే 250 దాటదు. నిల్వ ఉండే శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి 325 నుంచి 250కి దిగితే మిగిలేది ఇంచుమించు 60 శాతమే. సరిగ్గా చెరువు అడుగంటిన టైముకే ఇన్వర్టరు టక్‌మంటుంది. ఇంకేం ఆగుతుంది!

యాక్టివ్ పీఎఫ్‌సీ (లోపలికి వచ్చే కరెంటును సరిదిద్దే సర్క్యూటు) ఉన్నవాటిలో కాలవకీ చెరువుకీ మధ్య ఒక మోటారు ఉన్నట్టు లెక్క. కాలవలో నీళ్లు తగ్గినా అది తోడి చెరువును నిండుగానే ఉంచుతుంది. గోడలో 170 ఉన్నా 240 ఉన్నా లోపల కెపాసిటరు 380, 400 వోల్టుల దగ్గరే నిలబడుతుంది. ఇలాంటి వాటిలో చాలావరకు లేబుల్ మీద ఇన్‌పుట్ 100-240 అని రాసి ఉంటుంది, ఎర్ర స్విచ్ ఉండదు. 200-240 అని మాత్రమే ఉంటే మన రాత్రి కరెంటుకి పనికిరాదని పక్కన పెట్టేయండి. నా మట్టుకు, చెరువుల మధ్యన ఉన్న ఊళ్లకి 80 ప్లస్ గోల్డ్ బిళ్లకంటే (కరెంటు ఎంత తక్కువ వృథా చేస్తుందో చెప్పే గుర్తు, దాని సంగతి కింద చెబుతాను) ఈ '100' అంకె విలువైనది.

ఇన్వర్టరు గురించి రెండు మాటలు. వెనకాల యూపీఎస్, నార్మల్ అని స్విచ్ ఉంటుంది. యూపీఎస్‌లో పెడితే చప్పున మారుతుంది, కాకపోతే వోల్టేజీ సుమారు 180కి దిగగానే బ్యాటరీ మీదికి వెళ్లిపోతుంది. నార్మల్‌లో ఇంకా కిందికి ఓర్చుకుంటుంది గానీ మారేటప్పుడు ఆలస్యం చేస్తుంది. కంప్యూటరు ఉంటే యూపీఎస్‌లోనే ఉంచండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్లతో యాక్టివ్ పీఎఫ్‌సీకి సరిగా పొసగదు, సైన్ వేవ్‌దే వాడండి.

మేనల్లుడికి 550 వాట్లది, 100-240 ఇన్‌పుట్‌ది తెప్పించి బిగించాం. ఆ రాత్రి మీటరులో 171. ఇన్వర్టరు నాలుగుసార్లు టక్‌మంది. వాడు మీటరు వైపే చూస్తూ కూర్చున్నాడు. కంప్యూటరు కదల్లేదు.

బిళ్లలూ వారంటీలూ

80 ప్లస్ అనేది 2004లో మొదలైన కార్యక్రమం. తీసుకున్న కరెంటులో ఎంత వృథా చేయకుండా ఇస్తుందో అది చెబుతుంది. 115 వోల్టుల పరీక్షలో సగం లోడు దగ్గర బ్రాంజ్‌కి 85 శాతం, గోల్డ్‌కి 90 శాతం ఉండాలి. అంతవరకే. షార్ట్ అయితే ఆగుతుందా, వోల్టేజీ హెచ్చితే బోర్డును కాపాడుతుందా అన్న ప్రశ్నలకి ఆ బిళ్ల జవాబు చెప్పదు. పైగా ఆ పరీక్ష 23 డిగ్రీల గదిలో చేసేది. మన మే నెల ఎండల్లో, మేడ మీది గదిలో, కేబినెట్ లోపల ఎంతుంటుందో మీకే తెలుసు. అందుకే మోడల్ వివరాల్లో రెండు చూడండి. 40 లేదా 50 డిగ్రీల దగ్గర కూడా పూర్తి వాట్లు ఇస్తుందని రాసి ఉందా? కెపాసిటర్లు 105 డిగ్రీల రకమా, 85 డిగ్రీల రకమా? కెపాసిటరు పది డిగ్రీలు చల్లగా ఉంటే ఆయుష్షు ఇంచుమించు రెట్టింపవుతుంది.

రక్షణల్లో ఓవీపీ (వోల్టేజీ హెచ్చితే), ఓసీపీ (కరెంటు హెచ్చితే), ఓపీపీ (మొత్తం వాట్లు మించితే), ఎస్‌సీపీ (షార్ట్ అయితే) అన్న పేర్లు కనిపించాలి. వాటితోపాటు వేడెక్కితే ఆపేసే ఓటీపీ కూడా ఉండాలి. చవక రకాల్లో ముందు ఎగిరిపోయేది ఓటీపీయే.

కంపెనీ పేరొక్కటే చూసి కొనకండి. పేరున్న కంపెనీలు చాలావరకు వేరే తయారీదారుల దగ్గర చేయించుకుంటాయి. ఒకే కంపెనీలో ఒక మోడల్ బంగారంలా, ఇంకోటి నాసిరకంగా ఉంటుంది. మోడల్ పేరుతోనే వెతికి రివ్యూలు చదవండి. వారంటీ ఐదేళ్లకి తక్కువుంటే వద్దు, మంచివాటికి పదేళ్లిచ్చేవీ ఉన్నాయి. పాడైతే భీమవరంలోనో అమలాపురంలోనో షాపువాడే తీసుకుంటాడా, మనమే కొరియర్ చేయాలా అని కొనేముందే అడగండి. లేబుల్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరుంటే బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి సరిచూసుకోవచ్చు.

జుమ్మంటే

కేబినెట్ మీద చెయ్యి వేస్తే జుమ్మంటోందని చాలామంది ఎస్ఎంపీఎస్‌ని తిడతారు. తప్పు దానిది కాదు. లోపల ఫిల్టరులో ఫేజుకీ బాడీకీ మధ్య ఒకటి, న్యూట్రల్‌కీ బాడీకీ మధ్య ఒకటి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ ఉంటే ఆ కొంచెం కరెంటు నేలలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే బాడీ సగం వోల్టేజీ, అంటే సుమారు 115 దగ్గర వేలాడుతుంది. తీరం వెంబడి అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పు నేలల్లో ఎర్త్ గొయ్యిలోని ఇనప పైపును తుప్పు తినేస్తుంది. ఇల్లు కట్టినప్పుడు వేసిన ఎర్త్ ఇప్పటికీ ఉందనుకోకండి. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య కొలిపించండి. రెండు మూడు వోల్టులు దాటితే గొయ్యి బాగుచేయించాలి. త్రీ పిన్‌ని టూ పిన్‌గా మార్చే అడాప్టరు మాత్రం ఎప్పుడూ వాడకండి.

బిగించేటప్పుడు రెండు జాగ్రత్తలు. మాడ్యులర్ రకం (కేబుళ్లు ఊడదీసి పెట్టుకునేది) కొంటే దానితో వచ్చిన కేబుళ్లే వాడాలి. పాతదాని కేబుల్ సరిగ్గా పట్టినా, ఎస్ఎంపీఎస్ వైపు పిన్నుల వరస వేరేగా ఉండి డిస్కులు కాలిపోతాయి. రెండోది, ఎస్ఎంపీఎస్ మూత మాత్రం విప్పకండి. ప్లగ్ తీసేశాక కూడా ఆ పెద్ద కెపాసిటరులో ప్రాణం తీసేంత చార్జి నిలిచి ఉండొచ్చు. దుమ్ము పడితే బయటి నుంచి బ్లోయరు కొడితే చాలు. రైసు మిల్లు దగ్గర ఇల్లున్నవాళ్లు నెలకోసారి కొట్టండి, ఊక దుమ్ము ఫ్యానుకి తొందరగా పట్టేస్తుంది.

వచ్చే పాఠంలో కేబినెట్, గాలి వచ్చే దారి, పోయే దారి చూద్దాం. ఈలోగా మీకు పని: వారం రోజులపాటు పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి ఎనిమిదిన్నరకి మీ ఇంటి వోల్టేజీ చూసి పట్టిక వేయండి. సాకెట్‌లో మీటరు పుల్లలు పెట్టడం అలవాటు లేనివాళ్లు సాకెట్‌కి గుచ్చే డిజిటల్ వోల్టుమీటరు కొనుక్కోండి, ఖరీదు కొద్దిదే. అన్నిటికన్నా తక్కువ వచ్చిన అంకె కింద గీత గీసి, మీరు ఎంచుకున్న ఎస్ఎంపీఎస్ ఇన్‌పుట్ అంకెలు పక్కనే రాయండి.