చలికాలం ముందు కాంపో పొట్లాల లెక్క

అక్టోబరు చివరికి వచ్చేసరికి టోక్యోలో మందుల దుకాణాల ముందు వరుసలు మారిపోతాయి. నిన్నటిదాకా దోమల మందు ఉన్న చోటికి మాస్కులు, జలుబు మాత్రలు వస్తాయి. వాటి పక్కనే సన్నటి పొట్లాల్లో పోసిన గోధుమరంగు గుళికల పెట్టెలు చేరతాయి. అవే కాంపో మందులు, అంటే చైనా నుంచి వచ్చి జపాన్‌లో స్థిరపడిన సంప్రదాయ మూలికా మందులు. ఇక్కడ ఫ్లూ మామూలుగా డిసెంబరు నుంచి మార్చి దాకా తిరుగుతుంది. ఆ నాలుగు నెలల కోసం ముందే సరుకు సర్దుకునే మనవాళ్లు, ముఖ్యంగా భారతీయులు ఎక్కువగా ఉండే నిషి కసాయ్ పేట చుట్టుపక్కల కుటుంబాలు, "మూలికలే కదా, ఇంటిల్లిపాదికీ రోజుకో పొట్లం వేస్తే రోగనిరోధక శక్తి పెరుగుతుంది" అనుకుని వీటిని కొనుక్కెళ్లడం చూస్తూనే ఉన్నాను. మూడేళ్ల కిందట నేనూ అలాగే కొన్నాను.

ఆ డిసెంబరులో మా అత్తగారు మనవణ్ని చూడటానికి రాజమండ్రి నుంచి వచ్చారు. ఆవిడకు రక్తపోటు ఉంది. ఒంట్లో నీరు తీసే మాత్ర కూడా వేసుకుంటారు. ఇక్కడి చలికి రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తుంటే దగ్గరలోని క్లినిక్‌లో చూపించాం. షాకుయాకు కాంజోటో అనే కాంపో మందు రోజుకు మూడు పొట్లాలు ఇచ్చారు. ఆవిడ వేసుకునే మాత్రల జాబితా మేము తీసుకెళ్లలేదు, వాళ్లూ అడగలేదు. జలుబు రాకుండా ఉంటుందని నా అంతట నేను కక్కొంటో అనే జలుబు కాంపో మందు కూడా మొదలుపెట్టించాను. గొంతు గరగరకు ఇంటి నుంచి తెచ్చుకున్న అతిమధురం ముక్క ఆవిడ బుగ్గన ఎప్పుడూ ఉండేది.

పది రోజులు గడిచాయి. ఒక సాయంత్రం ఆవిడ మేజోళ్లు విప్పితే చీలమండల చుట్టూ వేలు పట్టేంత లోతుగా గీత పడి ఉంది. ఉంగరం వేలి నుంచి రాలేదు. మర్నాడు నీళ్ల కెటిల్ ఎత్తబోయి, "చేతుల్లో సత్తువ లేదమ్మా" అని కింద పెట్టేశారు. రక్తపోటు 180 దాటింది. ఆసుపత్రిలో రక్తం తీసి చూస్తే పొటాషియం బాగా తగ్గిపోయి ఉంది. అక్కడి డాక్టరు ఒక కాగితం మీద మూడు వరుసలు వేశారు. మొదటి దాని ఎదురుగా 6, రెండో దాని ఎదురుగా 2, మా అత్తగారి అతిమధురం డబ్బీ ఎదురుగా ప్రశ్నార్థకం. మూడింటి మీదా ఒకటే పేరు రాశారు, కాంజో. కాంజో అంటే మన అతిమధురమే.

ఈ వ్యాసంలో ఒక్క ముక్క మాత్రమే గుర్తుంచుకుంటానంటే, ఈ కాంజో లెక్కను గుర్తుంచుకోండి. కాంపో యోగాల్లో చాలావాటిలో అతిమధురం ఉంటుంది. డాక్టరు రాసే మోతాదులో రోజుకు కక్కొంటోలో 2 గ్రాములు, ముక్కు నీళ్లు కారే జలుబుకిచ్చే షోసెయిర్యూటోలో 3, పొడి దగ్గుకిచ్చే బకుమోండోటోలో 2, కండరాలు పట్టేస్తే ఇచ్చే షాకుయాకు కాంజోటోలో 6 గ్రాములు. ఒక్కొక్కటీ విడిగా వాడితే చాలామందికి ఏమీ కాకపోవచ్చు. రెండు మూడు కలిసినప్పుడే ప్రమాదం. అతిమధురంలోని గ్లిసిరైజిన్ వల్ల శరీరం ఉప్పును, నీటిని పట్టి ఉంచుకుని పొటాషియంను బయటకు పంపేస్తుంది. కాళ్లు వాస్తాయి, రక్తపోటు ఎక్కుతుంది, కండరాలు నీరసిస్తాయి, గుండె లయ కూడా తప్పవచ్చు. నీరు తీసే మాత్రలు వాడేవారిలో, వృద్ధుల్లో ఇది ఇంకా త్వరగా వస్తుంది. దగ్గు బిళ్లల్లో, కొన్ని జలుబు మాత్రల్లో, మనం ఇంట్లో కాచుకునే కషాయంలో కూడా అతిమధురం ఉండవచ్చు. అన్నీ ఒకే లెక్కలోకి వస్తాయి.

రెండో లెక్క మావోది, అంటే ఎఫెడ్రా కాడలది. 1885లో నాగాయ్ నాగయోషి అనే జపాన్ శాస్త్రవేత్త ఎఫెడ్రిన్ అనే రసాయనాన్ని వేరుచేసింది ఈ మొక్క నుంచే. కక్కొంటోలో రోజుకు 3 గ్రాములు, గట్టి జ్వరానికిచ్చే మావోటోలో 5 గ్రాములు మావో ఉంటుంది. ముక్కు తెరుచుకోవడానికి, చెమట పట్టడానికి తోడ్పడేది ఇదే. గుండె దడ, నిద్ర పట్టకపోవడం, రక్తపోటు పెరగడం కూడా దీనివల్లే. గుండె జబ్బు, అధిక రక్తపోటు, థైరాయిడ్ ఎక్కువగా ఉండటం, ప్రొస్టేట్ వల్ల మూత్రం సరిగ్గా రాకపోవడం, వీటిలో ఏది ఉన్నా డాక్టరును అడగకుండా మావో ఉన్న మందు ముట్టుకోకండి. ఉబ్బసానికి థియోఫిలిన్ వాడేవారికీ ఇదే మాట. దుకాణంలో దొరికే మామూలు జలుబు మాత్రల్లో మిథైల్ ఎఫెడ్రిన్ ఉండటం మామూలే. దాని మీద కక్కొంటో కూడా వేసుకుంటే ఒకే మందు రెండు దారుల్లో లోపలికి వెళ్లినట్టు. పోటీల్లో పరుగెత్తేవాళ్లు, ఆడేవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లకు ఇంకో చిక్కుంది. పోటీ సమయంలో మూత్రంలో ఎఫెడ్రిన్ హద్దు దాటితే నిషేధం పడుతుంది.

కక్కొంటో చెడ్డ మందని నేను అనడం లేదు. దాని వేళ దానికుంది. చలి పుట్టి, మెడ వెనక బిగుసుకుపోయి, చెమట ఇంకా పట్టని తొలి గంటల్లో వాడేదది. ఒంట్లో కాస్త బలం ఉన్నవారికి వాడేది. జ్వరం గట్టిగా ఉండి, కీళ్లు నొప్పులు పెట్టి, చెమటే లేనప్పుడు మావోటో ఇస్తారు. ఫ్లూ తొలి దశకు వాడవచ్చని దాని అనుమతి పత్రంలోనే ఉంది. అప్పటికే చెమటలు పడుతూ నీరసంగా ఉన్నవారికి ఈ రెండూ సరిపడవు. వాళ్లకు మావో లేని కెయిషిటో వంటివి ఇస్తారు. మనిషి తీరును, జబ్బు నిలిచిన చోటును కలిపి చూడటాన్ని ఇక్కడ "షో" అంటారు. ఈ మందుల మూలం సుమారు 1800 ఏళ్ల నాటి చైనా వైద్య గ్రంథంలో ఉంది. కెయిషిటో తాగాక ఏం చేయాలో అందులో చెప్పిన తీరు చదివితే నాకు మా అమ్మమ్మ గుర్తుకొస్తుంది. వేడివేడిగా పలచటి బియ్యపు జావ తాగాలట, దుప్పటి కప్పుకోవాలట, ఒళ్లంతా సన్నగా చెమర్చాలే తప్ప నీళ్లలా కారకూడదట. చెమట పట్టిందంటే మిగతా మందు ఆపేయమని కూడా ఉంది. ఇప్పటి కక్కొంటో పెట్టె మీద సైతం, జలుబుకు 5, 6 సార్లు వేసుకున్నా తగ్గకపోతే మానేసి సలహా అడగమని రాసి ఉంటుంది. చలికాలమంతా రోజూ వేసుకునే మందు కాదది.

మరి రోగనిరోధక శక్తి మాట? ఆ పేరుతో ఎక్కువగా వినిపించేది హోచూయెక్కిటో. జిన్‌సెంగ్, ఆస్ట్రగాలస్ సహా పది మూలికలు ఉంటాయి. జబ్బుపడి లేచాక నీరసం, ఆకలి మందగించడం, తరచూ అలసట ఉన్నవారికి డాక్టర్లు రాస్తారు. తిన్నది ఒంటబట్టేలా చేసి ఒంటికి బలం తేవడం దాని పని. దాన్ని వేసుకుంటే వైరస్ సోకదని చెప్పగలిగినంత గట్టి రుజువు లేదు. ఇందులోనూ రోజుకు 1.5 గ్రాముల అతిమధురం ఉంది. అవయవ మార్పిడి అయినవారు, కీళ్లవాతానికి రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడేవారు "శక్తి పెంచే" మందేదైనా సరే తమ డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టకూడదు. ఫ్లూకు ముందుజాగ్రత్త అంటే టీకానే. దాని ప్రభావం మొదలవడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది కాబట్టి నవంబరులోపు వేయించుకోండి.

షోసైకోటో సంగతి విడిగా చెప్పాలి. జలుబు పాతబడి జ్వరం వస్తూ పోతూ ఉన్నప్పుడు ఇచ్చే మందది. ఒకప్పుడు కాలేయ జబ్బులకు జపాన్‌లో విరివిగా వాడారు. 1996 మార్చిలో ఆరోగ్య మంత్రిత్వ శాఖ అత్యవసర హెచ్చరిక ఇచ్చింది. ఆ మందు వాడినవారిలో 88 మందికి ఇంటర్‌స్టీషియల్ న్యుమోనియా, అంటే ఊపిరితిత్తుల్లో గాలి గదుల గోడలు వాచే జబ్బు వచ్చింది, వారిలో 10 మంది చనిపోయారు. అంతకు ముందే కాలేయ జబ్బుకిచ్చే ఇంటర్‌ఫెరాన్ అనే మందుతో కలిపి వాడకూడదని నిషేధించారు. లివర్ సిర్రోసిస్ ఉన్నవారికీ ఇది నిషిద్ధం. అసలు భయం ఎక్కడుందంటే, ఆ న్యుమోనియా లక్షణాలు పొడి దగ్గు, ఆయాసం, జ్వరం. ఫ్లూ కాలంలో ఈ మూడూ కనిపిస్తే ఎవరైనా "జబ్బు ఇంకా తగ్గలేదు, ఇంకో పొట్లం వేద్దాం" అనుకుంటారు. అలా అనుకోకండి. కాంపో మందు వాడుతుండగా దగ్గు, ఆయాసం కొత్తగా మొదలైనా, పెరిగినా మందు ఆపి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి, పొట్లం చేత పట్టుకుని వెళ్లండి.

ఆలస్యం వల్ల ఇంకో నష్టం ఉంది. ఫ్లూకు ఇచ్చే ఒసెల్టామివిర్ వంటి మందులు లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు వాడితేనే బాగా పనిచేస్తాయి. "రెండు రోజులు కాంపో చూసి అప్పుడు వెళ్దాం" అంటే ఆ గడువు కాస్తా దాటిపోతుంది. వృద్ధులు, గర్భిణులు, చిన్న పిల్లలు, మధుమేహం, ఉబ్బసం ఉన్నవారు అసలు ఆగకూడదు. గర్భిణులు మావో ఉన్న మందులను సొంతంగా వాడకూడదు కూడా. రాత్రివేళ ఏం చేయాలో తోచకపోతే టోక్యోలో ఫోనులో షార్ప్ (#) గుర్తు నొక్కి 7119, పిల్లల గురించైతే అలాగే 8000 చేయండి. ఊపిరి అందకపోయినా, పెదవులు నీలంగా మారినా, మాట తడబడినా నేరుగా 119.

వేసుకునే తీరులో మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఒక మాట దగ్గర. పొట్లం సంచి మీద "షొక్కాన్" అని రాసి ఉంటే భోజనం మధ్యలో అని కాదు, రెండు భోజనాల నడుమ అని, అంటే తిన్న రెండు గంటలకు. "షోకుజెన్" అంటే భోజనానికి ముందు. గుళికలను గోరువెచ్చటి నీళ్లతో వేసుకోవడం మంచిది. ఏడాది నిండని బిడ్డకు చేదు పోవడానికి తేనె కలపకండి. పాలు సరిపడనివారు పెట్టె చూడండి, చాలా గుళికల్లో లాక్టోజ్ కలుపుతారు. శాకాహారులు ఒక మాట అడిగి తీసుకోండి. పైన చెప్పిన జలుబు మందుల్లోని మూలికలన్నీ మొక్కలవే, కానీ గాడిద తోలు జిగురు, ఆల్చిప్ప కలిసే కాంపో యోగాలూ ఉన్నాయి. వృద్ధుల జలుబుకు ఇచ్చే మావోబుషి సైషింటోలో శుద్ధి చేసిన వసనాభి అనే విషపు దుంప ఉంటుంది. పెదవులు తిమ్మిరెక్కినా, గుండె దడదడలాడినా వెంటనే ఆపేయాలి.

ఊరికి వెళ్లేటప్పుడు ఈ పొట్లాలు అమ్మానాన్నలకు పట్టుకెళ్లకండి. జపాన్‌లో ఆరోగ్య బీమా కింద 148 కాంపో యోగాలను డాక్టర్లు రాస్తారు. ఇక్కడైతే దుష్ప్రభావం కనబడగానే గుర్తుపట్టేవాళ్లున్నారు. జపనీస్ అక్షరాలున్న ఆ పొట్లంలో ఏముందో హైదరాబాదులో, విజయవాడలో మీ నాన్నగారిని చూసే డాక్టరుకు తెలిసే దారి లేదు.

మా అత్తగారు మందులన్నీ ఆపాక నెల తిరగకుండానే మామూలు మనిషయ్యారు. ఇప్పుడు మా ఇంట్లో ప్రతి నవంబరులో ఒక ఆదివారం మందుల డబ్బా బోర్లిస్తాం. గడువు దాటినవి పడేసి, మిగిలిన ప్రతి పెట్టె వెనక ఉన్న పదార్థాల పట్టికలో కాంజో, మావో అన్న మాటలు వెతికి పెన్నుతో గుండ్రం చుడతాం. జపనీస్ చదవడం రాకపోతే ఫోను కెమెరాతో అనువాదం చూసుకోవచ్చు, లేదా దుకాణంలో ఫార్మసిస్టుకు చూపించి ఈ రెండు పేర్లు అడగవచ్చు. ఆ తరువాత ఎవరెవరు ఏ మాత్రలు వేసుకుంటున్నారో ఓకుసురి టెచోలో, అంటే ఫార్మసీ ఇచ్చే మందుల పుస్తకంలో రాస్తాం. ఇండియా నుంచి తెచ్చుకున్న మాత్రలు, కషాయం పొడులు కూడా అందులోకి ఎక్కుతాయి. మా అత్తగారి పేజీలో మొదటి వరుస ఆవిడే చెప్పి రాయించారు: అతిమధురం, రోజూ, బుగ్గన.