ఆత్మహత్యల లెక్కలు చదవడం ఎలా? 3వ పాఠం: ఎంతమందిలో?

పోయిన పాఠం చివర ఒక పని అప్పగించాను: జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా వేసే పుస్తకంలో నగరాల పట్టిక తీసి విజయనగరం కోసం వెతకమని. దొరకలేదు కదా? దొరకదు. అది పది లక్షల జనాభా దాటిన 53 నగరాల పట్టిక. మన రాష్ట్రం నుంచి అందులో ఉండేవి విశాఖపట్నం, విజయవాడ మాత్రమే. శ్రీకాకుళం, విజయనగరం లాంటి ఊళ్లకు పోలీసుల జిల్లా లెక్కే ఆధారం. ఆ లెక్కను ఎలా చదవాలో ఈ పాఠంలో చూద్దాం.

2022లో దేశం మొత్తం మీద నమోదైన ఆత్మహత్యలు 1,70,924. ఈ అంకె ఒక్కటీ చూస్తే భయం వేస్తుంది తప్ప ఏమీ తెలియదు. జనాభాతో భాగించి లక్షకు ఎంతమందో చూస్తే 12.4. ఆ 53 నగరాల వరకూ చూస్తే 16.4. ఇప్పుడు పోల్చడానికి వీలు కుదిరింది. దీన్నే రేటు అంటారు. పైన మరణాలు, కింద జనాభా. అందరి కళ్లూ పై అంకె మీదే ఉంటాయి. మోసం జరిగేది ఎక్కువగా కింది అంకెలో.

మన జిల్లాలే ఇందుకు మంచి ఉదాహరణ. 2011 జనాభా లెక్కల్లో శ్రీకాకుళం జిల్లాలో ఉన్నది 27 లక్షల మంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టాక పాలకొండ వైపు పార్వతీపురం మన్యంలోకి, రాజాం వైపు విజయనగరంలోకి వెళ్లాయి. మిగిలింది దాదాపు 21.9 లక్షలు. లెక్క నేర్చుకోవడానికి రెండు అంకెలు ఊహించుకుందాం. 2021లో 270 ఆత్మహత్యలు, 2023లో 219 అనుకోండి. 'యాభై ఒక్క ప్రాణాలు నిలిచాయి' అని ఎవరైనా మీటింగులో చెప్పేయగలరు. భాగించి చూడండి. 270ని 27తో భాగిస్తే 10, 219ని 21.9తో భాగిస్తే 10. ఎవరి ప్రాణమూ నిలవలేదు, సరిహద్దు జరిగింది, అంతే.

మరి పాత ఏళ్లతో పోల్చడం ఎలా? మూడు జిల్లాలనూ కలిపేయండి. పాత శ్రీకాకుళం, విజయనగరం కలిపితే సుమారు 50.5 లక్షలు. కొత్త శ్రీకాకుళం, విజయనగరం, మన్యం కలిపినా అంతే. ఊళ్లు ఈ మూడింటి మధ్యే అటూ ఇటూ మారాయి కాబట్టి మొత్తం మీద పోలిక చెడదు. ఇంకా లోతుకు వెళ్లాలంటే మండలాల వారీ లెక్క అడగాలి. నా మటుకు నేను దాన్నే ఎక్కువ నమ్ముతాను.

రెండో చిక్కు ఆసుపత్రి. గజపతినగరం మనిషిని విశాఖ కేజీహెచ్‌కి తీసుకెళ్లాక అక్కడ చనిపోతే, మరణం రిజిస్టరయ్యేది విశాఖలోనే. 1969 నాటి జనన మరణాల చట్టం ప్రకారం మనిషి పోయిన చోటే నమోదు చేయాలి. గుజరాత్‌లోని వేరావల్‌కి చేపల వేటకో, హైదరాబాద్‌కి కూలి పనికో వలస వెళ్లినవాళ్ల సంగతీ ఇంతే. అందుకే ఏ పట్టిక చేతికి వచ్చినా ముందు ఒక్కటి అడగండి: ఇది చనిపోయిన చోటు లెక్కా, సొంతూరి లెక్కా?

ఇలాంటి అంకెలతో గంటలు గంటలు కూర్చుంటే మనసు బరువెక్కడం మామూలే. మీకైనా, మీకు తెలిసినవాళ్లకైనా బతుకు మీద విరక్తి కలుగుతుంటే పుస్తకం పక్కన పెట్టి టెలీ మానస్ అనే ప్రభుత్వ సహాయ లైన్‌కి, అంటే 14416కి ఫోన్ చేయండి. ఉచితం. ఇరవై నాలుగు గంటలూ ఉంటారు, తెలుగులోనే మాట్లాడతారు.

ఇక చిన్న అంకెలు. ఒక పట్టణంలో పోయిన ఏడాది 20, ఈ ఏడాది 27 అనుకుందాం. 'ఆత్మహత్యలు 35 శాతం పెరిగాయి' అని పేపర్లో హెడ్డింగు వస్తుంది. ఇలాంటి హెడ్డింగులంటే నాకు ఒళ్లు మండుతుంది. చిన్న అంకె ఊరికే ఎంత అటూ ఇటూ ఊగుతుందో చూడటానికి ఒక మోటు లెక్క ఉంది: దాని వర్గమూలానికి రెట్టింపు. 20కి వర్గమూలం సుమారు 4.5, దానికి రెట్టింపు 9. పరిస్థితిలో ఏ మార్పూ లేకపోయినా ఆ ఊళ్లో ఏడాదికి 11 నుంచి 29 దాకా రావచ్చన్నమాట. 27 అందులోనే ఉంది. అలాగని వదిలేయమని కాదు. పెరిగిన ఏడుగురూ ఒకే వయసువాళ్లా, ఒకే పేటవాళ్లా, ఒకే నెలలోనా అన్నది చూడాలి. అలా ఒకచోట పోగుపడితే మొత్తం శాతం ఎంతున్నా వెంటనే పట్టించుకోవాల్సిందే. పోగుపడకపోతే మూడు నుంచి ఐదేళ్ల లెక్కలు కలిపి సగటు తీయండి.

ఈ వారం అభ్యాసం. ఇవీ ఊహించిన అంకెలే: విజయనగరం జిల్లాలో 2021లో 23.4 లక్షల మందికి 210 మరణాలు, 2023లో 19.3 లక్షల మందికి 185. రెండు రేట్లూ కట్టండి. మరణాలు తగ్గాయా, రేటు తగ్గిందా? పార్వతీపురం వైపు పోయి రాజాం వైపు వచ్చి చేరిన ఈ జిల్లా గురించి ఆ రెండు రేట్లను బట్టి ఏం అనవచ్చు, ఏం అనకూడదు? ఎస్పీ ఆఫీసుకి ఒక్క దరఖాస్తు పెట్టే వీలుంటే ఏ పట్టిక అడుగుతారు? జవాబులు 4వ పాఠం మొదట్లో చూసుకుని, ఆ తర్వాత పంచనామాలో 'కారణం' అనే గడిని ఎవరు, ఎప్పుడు, ఎవరిని అడిగి నింపుతారో చూద్దాం.