ఒక్కరి పడవ, ఒంటి కొలత

ఆది జాకెట్టు తేకుండా వచ్చి ‘మీ అంచనా మీద కుట్టేయండి అక్కా’ అనే వారి బట్ట నేను తీసుకోను. గాజువాకలో 22 ఏళ్ళుగా కుట్టు దుకాణం నడుపుతున్నాను. అంచనా మీద కుట్టినది ఏదీ ఒంటి మీద కుదురుగా నిలవదు. అయినా నాలుగేళ్ళ క్రితం ఒక్కరు నడిపే కెనూ, అంటే తెడ్డుతో నడిపే సన్నని పడవ, కొన్నప్పుడు, దానికీ ఆది ఉండాలన్న ఆలోచన నాకు రాలేదు. భీమిలి దారిలో ఒక విడిది మూతపడి సామాన్లు అమ్మేస్తుంటే, ఫిషింగ్ హార్బరులో ఫైబరు తెప్పలు బాగుచేసే మా తమ్ముడు చూసి చెప్పాడు. పొడవు పదమూడున్నర అడుగులు, బరువు 21 కిలోలు, ఫైబరు ఒళ్ళు, అంచుల వెంట చెక్క పట్టీలు. చూడగానే మనసు పడ్డాను. విశాఖకు దగ్గరలోని మంచినీటి సరస్సు కొండకర్ల ఆవలో తొలిసారి ఎక్కి కూర్చున్నప్పుడు మాత్రం వేరొకరి కోటు తొడుక్కున్నట్లు అనిపించింది.

నేను 5 అడుగుల 1 అంగుళం, 52 కిలోలు. ఆ పడవలో అంతకుముందు కూర్చున్నవారు ఎవరో గాని మంచి ఎత్తరి అయి ఉండాలి. పీట ఎత్తు వల్ల నా మోకాళ్ళు అడుగుకు గట్టిగా ఆనేవి కావు. తెడ్డు పొడవై పై చేయి నుదుటి దాకా లేచేది. గాలి కొంచెం వీచినా ముందు మొన అటు తిరిగిపోయేది. రెండేళ్ళ పాటు ఒక్కొక్కటే సరిచేసుకున్నాను. ఏ వరుసలో, ఎలా కొలిచి చేశానో ఇక్కడ రాస్తున్నాను. నా అంకెలు మీకు సరిపోవు, వాటిని రాబట్టిన తీరు మాత్రం సరిపోతుంది.

కొండకర్ల ఆవ ఒడ్డున మా అమ్మమ్మగారి ఊరు. రెండు తాటి మొద్దులను తొలిచి, పక్కపక్కన చేర్చి కట్టిన దోనెలు అక్కడ ఇప్పటికీ తిరుగుతాయి. మా తాతయ్య దోనెలో కూర్చునే పలక ఆయన తొడల వెడల్పుకు కోసినది. మామయ్యలు దాని మీద కూర్చుంటే కాసేపటికే కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయనేవారు. ఇలాగే అమెరికాలో రష్టన్ అనే పడవల పనివాడు 1883లో జార్జ్ వాషింగ్టన్ సియర్స్ అనే బక్కపలచని మనిషి కోసం ‘సైరీ గ్యాంప్’ అనే కెనూ కట్టాడు. సియర్స్ ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు, బరువు 50 కిలోలకు కాస్త తక్కువ. పైగా ఊపిరితిత్తుల జబ్బు మనిషి, భుజాన బరువు మోయలేడు. అందుకని రష్టన్ ఆ పడవను 9 అడుగుల పొడవుతో, కేవలం పదిన్నర పౌండ్ల బరువుతో, అంటే ఐదు కిలోల లోపే తేల్చాడు. దర్జీ పని తెలిసిన మనిషిగా ఆ సంగతి నాకు ఎంత నచ్చిందో చెప్పలేను.

ముందు ఏమీ మార్చకుండా నాలుగైదు సార్లు నడపండి. దిగిన వెంటనే ఎక్కడ నొప్పి పుట్టింది, ఎక్కడ జారింది, పడవ ఎటు తిరిగిపోయింది అన్నది ఒక పుస్తకంలో రాసుకోండి. ఇంటికి చేరాక రాద్దామనుకుంటే సగం మరచిపోతాం. తరువాత ఒకసారికి ఒక్క మార్పే చేయండి. భుజం, చంక, మెడ ఒకేసారి సవరిస్తే బిగువు ఎక్కడ తగ్గిందో దర్జీకే తెలియదు.

పీట ఎత్తు

అన్నిటికంటే ముందు పీట. కెనూలో మోకాళ్ళ మీద కూర్చోవడమే మేలు. పిరుదులు పీట ముందు అంచుకు ఆనాలి. మోకాళ్ళు రెండూ ఎడంగా, పడవ అడుగు పక్కలకు వంపు తిరిగే చోట ఆనాలి. ముక్కాలి పీటలాగా మూడు చోట్ల ఆనిక దొరికితే, పడవ ఒరిగినా నడుము దగ్గరే సర్దుకోవచ్చు. పాదాలు వెనక్కి, పీట కిందికి పోతాయి. అసలు లెక్క ఇక్కడే ఉంది. పీట ఎంత దిగితే పడవ అంత నిలకడగా ఉంటుంది, కాని పాదాలు బయటికి రావడానికి చోటు అంత తగ్గుతుంది.

నేను మొదట నిలకడ కోసం ఆశపడి, 11 అంగుళాల ఎత్తున్న పీటను ఏడున్నరకు దించాను. ఆవ ఒడ్డున నడుము లోతు నీటిలో, తమ్ముడిని పక్కన నిలబెట్టి, కావాలనే పడవను బోల్తా కొట్టించాను. కుడి పాదం వచ్చింది. ఎడమ పాదం చెప్పు మడమ పీట కర్రకు తగులుకుని రాలేదు. తల నీటి కింద ఉంది. తమ్ముడు పడవను తిప్పి లేపేదాకా ఏం జరిగిందో ఇప్పటికీ గుర్తుంది. ఆ రోజే పీట విప్పేశాను. అందుకే చెబుతున్నాను: ఎత్తును నిర్ణయించేది మోకాలు కాదు, చెప్పు తొడిగిన పాదం. పీట మార్చిన ప్రతిసారీ, మనిషి తోడు ఉండగా, లోతులేని నీటిలో బోల్తా పడి చూసుకున్నాకే లోపలికి వెళ్ళండి.

ఎత్తు తేల్చుకోవడానికి పడవ అక్కరలేదు. ఇంట్లో చాప పరిచి, అటు రెండు ఇటు రెండు ఇటుక దొంతరలు పెట్టి, వాటి మీద ఒక పలక వేయండి. నీటిలో వేసుకునే చెప్పులతోనే మోకాళ్ళ మీద కూర్చోండి. 20 నిమిషాలు కదలకుండా ఉండండి, రేడియోలో పాటలు వింటూ ఉంటే గడిచిపోతుంది. మోకాళ్ళు, మడమలు భరించలేకపోతే పలక కింద అట్టలు చేర్చి ఎత్తు పెంచండి. తరువాత కళ్ళు మూసుకుని రెండు పాదాలూ ఒక్క ఊపున బయటికి లాగండి. ఎక్కడా పలకకు తగలకూడదు. నాకు వెనక అంచు తొమ్మిదిన్నర అంగుళాల దగ్గర కుదిరింది. ముందు అంచు దానికంటే ముప్పావు అంగుళం కిందికి ఉండాలి. ఆ వాలు లేకపోతే పలక అంచు తొడల వెనక కోసుకుని కాళ్ళు మొద్దుబారతాయి. పెద్ద పాదాల వారికి 11, 12 అంగుళాలు కావలసి రావచ్చు.

పీట చట్రానికి టేకు తీసుకున్నాను, ముప్పావు అంగుళం మందం, ఒకటిన్నర అంగుళం వెడల్పు. పడవ అంచు పట్టీల నుంచి నాలుగు పొడవైన బోల్టులు కిందికి దిగి ఈ చట్రాన్ని మోస్తాయి. పట్టీకీ చట్రానికీ నడుమ, రంధ్రం చేసిన టేకు దిమ్మలు తొడుగుతాం. వెనక దిమ్మ 1.75 అంగుళాలు, ముందు దిమ్మ రెండున్నర. వాలు అలా వస్తుంది. దిమ్మ కింది అంచును కూడా ఆ వాలుకు తగ్గట్టు ఏటవాలుగా కోయించండి, లేకపోతే చట్రం ఒక మూల మీదే నిలుస్తుంది. బోల్టులు పావు అంగుళం స్టెయిన్‌లెస్ స్టీలువి. మంచినీటి చెరువుకు 304 రకం చాలు. గోస్తనీ నది సముద్రంలో కలిసే భీమిలి వైపు ఉప్పునీటిలో తిప్పేవారు 316 కొనండి. నట్టు లోపల నైలాన్ వలయం ఉన్నదే వాడండి, అదురుకు ఊడదు. జాకెట్టు కుట్లలో లోపల బట్ట వదిలినట్లు, ఇక్కడా అన్నీ ఆరు అంగుళాల బోల్టులే కొని పొడవు వదలండి. ఎత్తు ఖాయమయ్యేదాకా కోయకండి. ఈలోగా బయటికి పొడుచుకున్న కొనలకు రబ్బరు గొట్టం ముక్కలు తొడగండి.

చట్రానికి అల్లిక విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది: నవారు. పేము అల్లిక అందంగా ఉంటుంది కాని మన ఉప్పుగాలిలో దానికి ఎప్పటికప్పుడు వార్నిషు పూయాలి. నవారులోనూ నూలుది వద్దు, తడిస్తే సాగుతుంది, ఆపైన కుళ్ళుతుంది. నైలాన్ కూడా తడికి కొంచెం వదులవుతుంది. రెండు అంగుళాల పాలిస్టర్ నవారు తీసుకోండి. కోసిన కొనను దీపం సెగకు చూపితే అంచు కరిగి ముద్దకడుతుంది, ఇక పోగులు లేవవు. ఆ కొనను రెండు మడతలు వేసి, చట్రం కింది వైపున చిన్న స్క్రూలు బిగించండి, మేకులు ఊడిపోతాయి. ఎదురు కర్ర దగ్గర నవారును ఒక చిన్న కర్రకు చుట్టి, మోకాలితో చట్రాన్ని అదిమి, తీగ మీటినట్లు మోగేదాకా లాగాలి. నిలువు పట్టీలన్నీ అయ్యాక అడ్డం పట్టీలను ఒకటి పైకి ఒకటి కిందికి దూర్చాలి. నాకు ఒక మధ్యాహ్నం పట్టింది. కూర్చుంటే అర అంగుళానికి మించి దిగకూడదు. ఇంకా దిగితే మీరు పాదాలకు వదిలిన చోటును అదే తినేస్తుంది.

పీట చోటు

ఎత్తు కుదిరినా, ముందు వెనకల బరువు కుదరకపోతే పడవ మాట వినదు. పీట ముందు అంచు పడవ నడిమధ్యకు కొన్ని అంగుళాలు వెనక ఉండాలి. ఎన్ని అంగుళాలన్నది మీ ఒంటి బరువు ఎక్కడ పడుతుందన్న దాని మీద ఉంటుంది. అంచు పట్టీకి రంధ్రాలు చేసే ముందే దాన్ని తేల్చుకోవాలి, ఎందుకంటే ప్రతి రంధ్రమూ పట్టీ బలాన్ని తగ్గిస్తుంది.

నేను ఒక తిరగేసిన ప్లాస్టిక్ తొట్టి మీద చిన్న పలక వేసుకుని, మోకాలి లోతు నీటిలో పడవను నిలిపి కూర్చున్నాను. పడవలో ఒక గ్లాసెడు నీళ్ళు పోయమన్నాను. ఆ నీళ్ళు సన్నని పాయగా వెనక మొన వైపు పరుగెత్తాయి. తొట్టిని రెండు వేళ్ళ మందం ముందుకు జరిపాను. నీళ్ళు ఆగి, వెనక్కి తిరిగి, నా మోకాళ్ళ వెనక చిన్న మడుగు కట్టాయి. ఆ చోటే అంచు మీద సుద్దతో గీత గీశాను. సమంగా ఉండటం గాని, వెనక వైపు ఒక్క పిసరు బరువు ఉండటం గాని మంచిది. మరీ వెనక్కి ఉంటే ముందు మొన పైకి లేచి గాలికి చిక్కుతుంది. ముందుకు ఎక్కువైతే ఆ మొన నీటిని పట్టుకుని, పడవ తిన్నగా పోదు.

నాలా తేలికైన వారికి ఇంకొక చిట్కా. పది లీటర్ల నీళ్ళ డబ్బా ఒకటి తాడుతో కట్టి ఉంచుకోండి. ఎదురుగాలిలో దాన్ని ముందుకు జరపాలి, గాలి వెనక నుంచి వీస్తుంటే వెనక్కి. పొద్దెక్కేకొద్దీ విశాఖ తీరంలో సముద్రపు గాలి లేస్తుంది. ఆవ మీదికి కూడా అది వస్తుంది. నేను తెల్లవారగానే దిగి, పదికల్లా ఒడ్డుకు చేరతాను. రుషికొండ అలల మీదికి ఈ పడవను ఎప్పుడూ తీసుకుపోలేదు, మీరూ తీసుకుపోకండి. నగరానికి తాగునీరిచ్చే జలాశయాల వైపు అనుమతి లేకుండా వెళ్ళకూడదు. ఆవలో కూడా పక్షులు గూళ్ళు పెట్టే గడ్డి మధ్యకు పోను.

మోకాళ్ళ మెత్తలు

మోకాళ్ళు ఎక్కడ ఆనతాయో కళ్ళతో చూసి గీస్తే తప్పుతుంది. బట్టల మీద గీసే సుద్దను పొడి చేసి, మోకాళ్ళకు బాగా రుద్దుకుని, పీట మీద కూర్చోండి. తెడ్డు వేస్తున్నట్లు రెండు వైపులా పదిసార్లు ఒరగండి. లేచి చూస్తే పడవ అడుగున రెండు తెల్లటి మచ్చలు ఉంటాయి. నావి నేననుకున్న చోటుకు ఏకంగా మూడు అంగుళాలు వెలుపల పడ్డాయి. మచ్చ చుట్టూ రెండు అంగుళాలు వదిలి మెత్త కోయాలి.

ఫోము నీరు పీల్చనిదై ఉండాలి. కొనే ముందు చిన్న ముక్క అడిగి తెచ్చి, రాత్రంతా బకెట్లో ముంచి, పొద్దున పిండి చూడండి. ఈవీఏ ఫోము 15 మిల్లీమీటర్ల మందం నాకు చాలింది. అంటించడానికి తెల్ల జిగురు కాదు, సన్‌మైకా అంటించే వడ్రంగులు వాడే రబ్బరు జిగురు కావాలి. ఫైబరును 80 నంబరు గరుకు కాగితంతో రుద్ది, తుడిచి, ఆరబెట్టండి. జిగురు రెండు వైపులా పల్చగా పూసి, వేలికి అంటనంత ఆరేదాకా ఆగండి. ఆ తరువాతే కలపాలి. ఒకసారి తాకితే మళ్ళీ జరపడానికి కుదరదు కాబట్టి, ఒక అంచు నుంచి మొదలుపెట్టి నొక్కుతూ పోవాలి. వానాకాలంలో ఈ పని పెట్టుకోకండి. మన గాలిలోని తేమకు నా మొదటి జత నెలలోనే లేచిపోయింది. జనవరిలో అంటించిన రెండో జత ఇప్పటికీ కదల్లేదు. మోకాళ్ళను పట్టి ఉంచడానికి పట్టీలు కట్టుకోవాలన్న ఆలోచన మాత్రం వద్దు.

చీలమండలు నొప్పి పెడితే వాటి కింద చుట్టిన ఫోము ముక్క చాలు.

తెడ్డు

కుర్చీలో నిటారుగా కూర్చుని, తెడ్డును తలకిందులుగా, పిడి కుర్చీకి ఆనేట్లు నిలబెట్టండి. కర్ర ముగిసి, నీటిని తోసే వెడల్పాటి ఆకు మొదలయ్యే చోటు గడ్డానికీ ముక్కుకూ నడుమ ఉండాలి. నాకు కర్ర 27 అంగుళాలు వచ్చింది, ఆకు 20. పాతదాన్ని పై కొసన కోసి పిడి మళ్ళీ బిగించుకున్నాను. పిడి మీద వార్నిషు అంతా గీకేసి, కాచిన అవిసె నూనె రెండు పూతలు పట్టించాను. నున్నటి వార్నిషు అరచేతిని బొబ్బలెక్కిస్తుంది, నూనె పట్టిన కర్ర జారకుండా మెత్తగా ఉంటుంది. నూనె తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూల పడేయకండి, అవి వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి తీగ మీద ఆరేయండి.

రెండు నెలలు నడిపి, ఏదీ మార్చాలనిపించని ఒక ఆదివారం బోల్టుల మిగులు కొనలను రంపంతో కోసి, ఆకురాయితో నున్న చేశాను. ఆ తరువాత మా అమ్మాయి కూడా నేర్చుకుంటానంది. తను నాకంటే నాలుగు అంగుళాలు పొడవు, పాదం రెండు సైజులు పెద్ద. తన కోసం పొట్టి దిమ్మలు, వాటికి సరిపోయే పొట్టి బోల్టులు మరో జత చేయించాను. నా దిమ్మలు ఎర్ర సంచిలో, తనవి ఆకుపచ్చ సంచిలో ఉంటాయి. రెండు రెంచీలు చేతిలో ఉంటే ఆవ ఒడ్డున పావుగంటలో పీట మారిపోతుంది.