గడియారం మారే వారంలో ఆన్‌లైన్ వేలాలు: మన శ్రీకాకుళం, విజయనగరం నుంచి కొత్తగా విదేశాలకి వెళ్లిన పిల్లలకి

చాలా ఏళ్లు న్యూజెర్సీలో ఉండి ఇప్పుడు శ్రీకాకుళంలో ఉంటున్నాను, అందుకే ఆన్‌లైన్ వేలాలని అక్కడి నుంచీ చూశాను, ఇక్కడి నుంచీ చూస్తున్నాను. కొత్తగా వెళ్లేవాళ్లకి బియ్యం ఎక్కడ కొనాలో, ఏ సిమ్ తీసుకోవాలో అందరూ చెప్తారు. ఏడాదికి రెండుసార్లు అక్కడ గడియారాన్ని ఒక గంట జరుపుతారని కూడా చెప్తారు గానీ, "ఫోన్ దానంతట అదే మారిపోతుందిలే" అని అక్కడితో వదిలేస్తారు. అది సరిపోదు. వేలంలో వస్తువు కొనేవాళ్లకి, అమ్మేవాళ్లకి, ఇంటి దగ్గర బ్యాంకు వేలంలో పాల్గొనేవాళ్లకి ఆ గంట చాలా విలువైనది.

ముందు తేదీలు. అమెరికాలో మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున 2 గంటలకి గడియారం 3కి దూకుతుంది, నవంబర్ మొదటి ఆదివారం 2 గంటలకి మళ్లీ 1కి వెనక్కి వస్తుంది. 2026లో అవి మార్చి 8, నవంబర్ 1. శ్రీకాకుళం వాళ్లకి మార్చి గుర్తుపెట్టుకోవడం సులువు: అరసవల్లిలో సూర్యకిరణాలు స్వామి పాదాలని తాకే 9, 10 తేదీల అటూ ఇటూగానే ఆ ఆదివారం వస్తుంది. నవంబర్‌కి అలాంటి గుర్తేమీ లేదు, క్యాలెండర్‌లో రాసుకోవాల్సిందే. ఇంగ్లాండ్, యూరప్ మాత్రం మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం మారుస్తాయి. అంటే మార్చిలో రెండు మూడు వారాల పాటు, శరదృతువులో ఒక వారం పాటు అమెరికా ఒక లెక్కలో, ఇంగ్లాండ్ ఇంకో లెక్కలో ఉంటాయి. న్యూయార్క్‌కి లండన్‌కి ఎప్పుడూ ఉండే 5 గంటల తేడా ఆ రోజుల్లో 4 గంటలే.

మన గడియారం మారదు. అందుకే మనకీ వాళ్లకీ ఉన్న తేడా మారుతుంది: న్యూయార్క్ వైపు చలికాలంలో పదిన్నర గంటలు, ఎండాకాలంలో తొమ్మిదిన్నర. చికాగో, డాలస్ వైపు పదకొండున్నర, పదిన్నర. కాలిఫోర్నియా అయితే పదమూడున్నర, పన్నెండున్నర. లండన్ అయితే ఐదున్నర, నాలుగున్నర.

ఇప్పుడు అసలు విషయం. ఏ నెలలో నష్టం వస్తుందనేది మీరు ఏ వైపు నుంచి చూస్తున్నారనే దాని మీద ఆధారపడి ఉంటుంది, ఇది చాలామంది ఆలోచించరు. ఇంటి దగ్గర ఉండి అక్కడి వేలం చూసేవాళ్లకి మార్చి ప్రమాదం. అక్కడ ఉండి ఇక్కడి వేలం చూసేవాళ్లకి నవంబర్ ప్రమాదం. మిగతా నెలలో మహా అయితే గంట ముందు వచ్చి కూర్చుంటారు, పోయేదేమీ ఉండదు.

మా మావయ్యది విజయనగరం. విజ్జీ (విజయనగరం మహారాజ్‌కుమార్) కెప్టెన్‌గా 1936లో ఇంగ్లాండ్ వెళ్లిన మన క్రికెట్ జట్టు ఫొటోలన్నా, ఆ కాలపు పత్రికల కాగితాలన్నా ఆయనకి ప్రాణం. ఇంగ్లాండ్ ఆన్‌లైన్ వేలాల్లో ఎప్పుడైనా ఒకటి వస్తే రాత్రి మేలుకుని మరీ చూస్తారు. లండన్‌లో ఆదివారం రాత్రి 8కి ముగిసే వేలం అంటే మనకి అర్ధరాత్రి దాటాక 1:30 అని ఆయనకి కంఠతా వచ్చు, చలికాలమంతా అది సరైన లెక్కే. మార్చి చివరి ఆదివారం నాడు అదే వేలం మనకి 12:30కే అయిపోయింది. ఆయన ఫోన్ తీసేసరికి ఫొటో ఎవరిదో అయిపోయింది. అలాంటి కాగితం మళ్లీ ఎప్పుడు వస్తుందో, అసలు వస్తుందో రాదో కూడా తెలియదు. అందుకే మీ ఇంట్లో ఇలాంటి ఆసక్తి ఉన్న పెద్దవాళ్లుంటే మార్చి మొదట్లోనే ఫోన్ చేసి చెప్పండి, "ఈసారి గంట ముందు చూడు మావయ్యా" అని ఒక్క మాట చాలు.

రెండో వైపు ఇంకా ఖరీదైనది. రాజాంలోనో బొబ్బిలిలోనో బ్యాంకు స్వాధీనం చేసుకున్న ఇల్లు వేలానికి వస్తుంది, ఇంట్లో వాళ్లు "నీ పేరు మీద తీసుకుందాంరా" అంటారు. రిజర్వు ధరలో, అంటే బ్యాంకు పెట్టిన కనీస ధరలో, 10 శాతం ధరావతు (ముందస్తు డిపాజిట్) కట్టాలి, దానికి గడువు మన టైమ్ ప్రకారం ఉంటుంది. సాయంత్రం 5 గంటలు అన్నారనుకోండి, అక్టోబర్‌లో న్యూయార్క్‌లో అది ఉదయం 7:30, నవంబర్ మొదటి ఆదివారం తర్వాత 6:30. మీరు పాత అలవాటు ప్రకారం 7 గంటలకి లేచి తీరిగ్గా లాగిన్ అయితే గడువు దాటిపోయి ఉంటుంది. వేలం కూడా అంతే: మన ఉదయం 11 అంటే ఎండాకాలంలో మీకు అర్ధరాత్రి దాటాక 1:30, నవంబర్‌లో 12:30. గెలిచాక 25 శాతం అదే రోజు, లేదంటే మర్నాటి పని దినం లోపు కట్టాలి, ఆ గడువూ మన టైమ్‌దే. పోటీ పడుతున్నది పొలం అయితే మాత్రం ముందే ఆగండి, విదేశాల్లో ఉండేవాళ్లు వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు, చదువుకోవడానికి వెళ్లినవాళ్లు కూడా ఆ లెక్కలోకే వస్తారు.

అక్కడే ఉండి అక్కడి వేలంలోనే కొంటున్నాం కదా, మాకేంటి అనుకోకండి. మంచం, టేబుల్, పాత ల్యాప్‌టాప్ లాంటివి వేలంలో చవగ్గా దొరుకుతాయని కొత్తగా వచ్చినవాళ్లు వాటి మీదే పడతారు. గురువారం రాత్రి 9కి పెట్టిన ఏడు రోజుల వేలం మళ్లీ గురువారం రాత్రి 9కే అయిపోతుందని అనుకుంటాం. సైట్ 168 గంటలని గట్టిగా లెక్కపెడితే, మధ్యలో మార్చి ఆదివారం వచ్చినప్పుడు అది 10కి ముగుస్తుంది, నవంబర్ ఆదివారం వచ్చినప్పుడు 8కే ముగుస్తుంది. కొన్ని సైట్‌లు గడియారాన్ని పట్టుకుంటాయి, అప్పుడు 9కే ముగుస్తుంది గానీ మొత్తం 167 గంటలో 169 గంటలో అవుతుంది. బయటి నుంచి చూస్తే ఏది ఏదో తెలియదు. కాబట్టి "ఎన్ని రోజులు" అన్నది చూడొద్దు, ముగింపు తేదీ, సమయం, పక్కన ఏ టైమ్ జోన్ ఉందో చూడండి. అమెరికా ఈబే (పెద్ద ఆన్‌లైన్ వేలం సైట్) అధికారిక సమయం పసిఫిక్ సమయం, అంటే కాలిఫోర్నియా లెక్క, మీరు న్యూజెర్సీలో ఉన్నా అంతే.

నవంబర్ ఆ ఆదివారం తెల్లవారుజామున 1 నుంచి 2 వరకు ఉన్న గంట రెండుసార్లు వస్తుంది. "1:30కి ముగుస్తుంది" అని అమ్మేవాడు చేత్తో రాస్తే అది మొదటి 1:30నా, రెండోదా? అడిగి తెలుసుకోండి, లేదా మొదటిదే అనుకుని సిద్ధంగా ఉండండి. మార్చిలో 2:30 అనేదే ఉండదు, ఆ సమయానికి అలారం పెట్టుకుంటే ఏ ఫోన్ ఏం చేస్తుందో నమ్మలేం.

అరిజోనా రాష్ట్రం టెంపేలో చదివే పిల్లలకి ప్రత్యేకంగా చెప్పాలి. అరిజోనాలో, నవాజో ఆదివాసీల ప్రాంతం తప్ప, గడియారం మార్చరు, మనతో తేడా ఏడాదంతా పన్నెండున్నర గంటలే. మీ గోడ మీద గడియారం కదలదు గానీ మీరు చూసే వేలం కదులుతుంది: కాలిఫోర్నియా లెక్కలో సాయంత్రం 6కి ముగిసేది మీకు చలికాలంలో 7, ఎండాకాలంలో 6. ఆస్ట్రేలియా వెళ్లినవాళ్లకి నెలలు తిరగబడతాయి, సిడ్నీ, మెల్‌బోర్న్‌లో అక్టోబర్ మొదటి ఆదివారం ముందుకి, ఏప్రిల్ మొదటి ఆదివారం వెనక్కి. బ్రిస్బేన్‌లో మార్పు లేదు.

ల్యాప్‌టాప్ విషయంలో ఒక తప్పు చాలామంది గదుల్లో చూశాను. టైమ్ జోన్ ఇండియాలోనే ఉంచి, గంటలని మాత్రం చేత్తో తిప్పేస్తారు. అప్పుడు స్క్రీన్ మీద సమయం సరిగ్గానే కనిపిస్తుంది గానీ, లోపల కంప్యూటర్ ప్రపంచ సమయంలో చాలా గంటలు తప్పులో ఉంటుంది. దాంతో కొన్ని సైట్‌లు తెరుచుకోవు, అంకెలు మారుతుండే లాగిన్ కోడ్ యాప్ ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉంటే కోడ్ చెల్లదు, వేలం పేజీలో తగ్గుతూ వచ్చే టైమర్ కూడా తప్పు చూపించొచ్చు. సమయాన్ని, టైమ్ జోన్‌ని రెండింటినీ ఆటోమేటిక్‌లో పెట్టేయండి. ఇంటి టైమ్ కావాలంటే రెండో గడియారం చేర్చుకోండి.

ఇంత టెన్షన్ పడకుండా ఉండే దారి ఒకటుంది. ఈబే లాంటి చోట మీరు ఇవ్వగలిగిన గరిష్ఠ ధర ముందే వేసేస్తే, అవసరమైనంత వరకే సైటే మీ తరఫున పెంచుకుంటూ పోతుంది. మీరు నిద్రపోయినా ఫర్వాలేదు, గంట మారినా ఫర్వాలేదు. కొన్ని వేలాల్లో చివరి నిమిషాల్లో ఎవరైనా పాట పాడితే సమయం పొడిగిస్తారు, ఈబే మామూలు వేలాల్లో సాధారణంగా అది ఉండదు.

తిరిగి వచ్చేస్తూనో ఊరు మారుతూనో మీ సామాను అమ్ముకునేవాళ్లు ఆ ఆదివారం మధ్యలో పడేలా వేలం పెట్టకండి, కొనేవాళ్లు గంట తప్పితే ధర మీకే తగ్గుతుంది. ఆగడానికి వీల్లేకపోతే మూడు రోజుల వేలం సోమవారం పెట్టండి, గురువారానికి అయిపోతుంది.