బడి నడుస్తాంటే పిల్లోళ్ళని ఊరికి పిల్చుకపోవాలంటే సెలవు ఎట్లా అడగాల

అనంతపురంలో ఎండాకాలం సెలవులు ఎట్లుంటాయో మళ్ళీ చెప్పే పనిలేదు. ఏప్రిల్ చివర్లో బడి మూస్తారు, జూన్ 12కి తెరుస్తారు, ఆ మధ్యలో పొద్దున తొమ్మిది దాటితే బయట కాలు పెట్టలేం. ఊటీకన్నా పోదామంటే అప్పుడు అందరూ ఆడనే ఉంటారు, పైగా 2024 మే నుంచి నీలగిరికి గాని కొడైకెనాల్‌కి గాని సొంత బండిలో పోవాలంటే ఈ-పాస్ తీసుకోవాల. దసరాకి, సంక్రాంతికి పోదామంటే రైలు టికెట్ దొరకదు, లాడ్జీ వాడు ఎంత చెప్తే అంత. అందుకే ఏ ఆగస్టులోనో నవంబర్లోనో ఒక మూడునాలుగు రోజులు బడి మానిపించి పోయొద్దామా అని ప్రతి ఇంట్లోనూ ఒకసారి మాటొస్తాది. పోండి, ఏం గాదు, కానీ దానికొక పద్ధతుంది, అది తెలీక చానా మంది "జ్వరం" అని చీటీ రాసిచ్చేసి బస్సెక్కుతారు, ఆ తర్వాత ఫోన్ స్టేటస్‌లో ఫోటోలు పెడతారు, ఆ స్టేటస్ చూసేవాళ్ళలో క్లాస్ టీచర్ మేడం కూడా ఉంటాది.

ముందు రూల్ సంగతి చూద్దాం. మన దగ్గర ట్రిప్పుకి పోయి బడి మానిపిస్తే తల్లిదండ్రులకి ఫైన్ ఏం లేదు. ఇంగ్లాండులో ఉంది, ఆడ మనోళ్ళెవరన్నా ఉంటే అడగండి, పర్మిషన్ లేకుండా ఐదు రోజులు మానిపిస్తే ఒక్కో బిడ్డకి, తల్లికి వేరే తండ్రికి వేరే, 80 పౌండ్లు కట్టాల, 21 రోజుల్లో కట్టకపోతే 160 అవుతాది, 2024 ఆగస్టు నుంచి ఈ రేటు. అంతకుముందు ఒకాయన బిడ్డని బడి జరిగేటప్పుడే ఫ్లోరిడాకి పిల్చుకపోయి ఫైన్ కట్టనంటే కట్టనని కొట్లాడితే 2017లో ఆ కేసు ఆ దేశం సుప్రీంకోర్టు దాకా పోయింది, ఆయనే ఓడిపోయినాడు. మన విద్యాహక్కు చట్టం 2009లో 6 నుంచి 14 ఏండ్ల పిల్లోళ్ళని బడిలో చేర్పించే బాధ్యత తల్లిదండ్రులదే అని ఉంది గాని ఇట్లాంటి జరిమానా లేదు. కాబట్టి మనల్ని ఆపేది పోలీసోడు గాదు, హాజరు శాతం.

ఆ లెక్క ఒకసారి కూర్చోని వేసుకోండి. అదే చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదు దాకా ఏడాదికి 200 రోజులు, ఆరు నుంచి ఎనిమిది దాకా 220 రోజులు బడి నడవాల. మామూలుగా అడిగే 75 శాతం హాజరు అంటే 220లో 165, అంటే 55 రోజులు పోయినా లైన్ దాటరు. వినడానికి చానా ఉన్నట్లే ఉంటాది. కానీ ఆ 55లో వానాకాలం జ్వరాలు, మేనత్త కూతురి పెళ్ళి, పెద్దాయన దినాలు, ఊర్లో జాతర, అన్నీ పడతాయి. బడికి పోయే పిల్లోళ్ళ తల్లులకి సర్కారు ఇచ్చే తల్లికి వందనం డబ్బులకీ 75 శాతం హాజరు షరతు ఉంది, సీబీఎస్ఈలో టెన్త్, ప్లస్ టూ పరీక్ష రాయాలంటే అదే 75. అందుకే ట్రిప్పు రోజులు లెక్కేసే ముందు ఇప్పటిదాకా ఎన్ని రోజులు పోయినాయో టీచర్ని అడిగి తెలుసుకోండి, మనం అనుకునేది ఒకటుంటాది, రిజిస్టర్లో ఉండేది ఇంకొకటుంటాది.

ఏ తరగతి అనేది రోజుల కంటే ముఖ్యం. ఐదో తరగతి లోపలైతే నాలుగు రోజులు పోయినా పెద్దగా ఏం గాదు. ఆరు, ఏడుల్లో చూసుకోని పోవాల. ఎనిమిది నుంచి నేనైతే వద్దనే చెప్తా, టెన్త్ అయితే అసలు ఆ మాటే ఎత్తొద్దు, డిసెంబరు నుంచి ప్రతి రోజూ ఏదో ఒక టెస్టు ఉంటాది, మార్చిలో పబ్లిక్. ఇంట్లో ఒకడు టెన్త్‌లో, చిన్నోడు మూడులో ఉంటే పెద్దోడిని అవ్వ దగ్గర ఇడిసిపెట్టి మిగతావాళ్ళు పోతారు కొందరు, అది వానికి ఎంత మండుతాదో వాన్నడిగితే తెలుస్తాది. ఆ ఏడాదికి అందరూ ఆగేదే మేలు.

ఇంక రోజులు ఎంచుకునేది. జూన్‌లో బడి తెరిచినప్పుడే అకడమిక్ క్యాలెండర్ వస్తాది, ఎఫ్ఏలు (చిన్న పరీక్షలు) ఎప్పుడు, ఎస్ఏలు (పెద్ద పరీక్షలు) ఎప్పుడు అని దాంట్లో ఉంటాది, ప్రైవేటు బడులైతే డైరీలోనే అచ్చేసిస్తారు. దాన్ని ఫోటో తీసి పెట్టుకోండి. పరీక్ష వారం వద్దు, దానికి ముందు వారం అసలే వద్దు, రివిజన్ అంతా అప్పుడే చేపిస్తారు. పరీక్ష అయిపోయిన మరుసటి వారమే అన్నిటికంటే మంచిది, టీచర్లు పేపర్లు దిద్దుకుంటా ఉంటారు, పాఠం నిదానంగా నడుస్తాది. జూన్, జూలైలో కూడా వద్దంటా, బడి తెరిచిన కొత్తలో క్లాసు కుదురుకునేది, ఎవరి పక్కన ఎవరు కూర్చునేది అన్నీ అప్పుడే తేలతాయి, ఆ రెండు వారాలు లేని పిల్లకాయ నెలంతా కొత్తోడి లెక్క ఉంటాడు. అయితే మన అనంతపురం వాళ్ళకి ఒక చిక్కుంది, గూగూడులో మొహర్రంకి జరిగే కుళ్ళాయస్వామి ఉత్సవం. మొహర్రం ఏటా పదీ పదకొండు రోజులు ముందుకి జరుగుతాది, ఈ మధ్య సరిగ్గా బడి తెరిచిన రోజుల్లోనే వచ్చి పడతాంది, 2025లో జూలై 6న వచ్చింది. మొక్కు ఉన్నోళ్ళు పోకుండా ఉండరు, పోవాల్సిందే, టీచర్లూ కాదనరు, వాళ్ళలో సగం మంది ఆడనే కనపడతారు.

ఆదివారానికి రెండో శనివారానికి ఒక శుక్రవారమో సోమవారమో అతికించుకుంటే బడి పోయేది ఒక్క రోజు, తిరిగేది మూడు రోజులు. ఇది అందరికీ తెలిసిందే గాని, ప్రైవేటు బడుల్లో రెండో శనివారం సెలవు ఇస్తారా ఇయ్యరా ముందే అడగండి. ఇంకో మాట, ఒక్క రోజులో పోయొచ్చే చోట్లకి బడి మానిపించొద్దు. గండికోట, బెలూం గుహలు, లేపాక్షి, యాగంటి, ఒంటిమిట్ట, మంత్రాలయం, ఇవన్నీ మన పక్క వాళ్ళకి తెల్లార్తో ఉగ్గాని తిని బయల్దేరితే రాత్రి అన్నానికి ఇంట్లో ఉండే దూరాలే, ఆదివారం చాలు. సెలవు అడిగేది మైసూరు, గోవా, కాశీ, షిర్డీ లాంటి వాటికి దాచిపెట్టుకోండి. శబరిమలకి కొడుకుని కన్నిస్వామిగా పిల్చుకపోయే వాళ్ళు మకరజ్యోతికి పోతే అది సంక్రాంతి సెలవుల్లోనే పడతాది, బడి పోదు, కానీ ఆ జనంలో చిన్న పిల్లోడు నలిగిపోతాడు, నన్నడిగితే నవంబర్ చివర్లోనో డిసెంబర్ మొదట్లోనో రెండు రోజులు సెలవు పెట్టి పోయేదే నయం.

టికెట్లు ముందా సెలవు ముందా అంటే సెలవే ముందు. చానా మంది తిరగేసి చేస్తారు, టికెట్లు బుక్ చేసి, డబ్బులు కట్టినాక బడికి పోయి "సార్, టికెట్లు తీసేసినాము" అంటారు, అది అడిగేది గాదు, చెప్పేది, హెడ్‌మాస్టర్‌కి ఒళ్ళు మండేది ఆడనే. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, 2024 నవంబర్ నుంచి ఇదే, అంతకుముందు 120 ఉండేది. తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్లు మూడు నెలల ముందే ఆన్‌లైన్లో పెడతారు, తీసుకున్నాక క్యాన్సిల్ లేదు, తేదీ మార్చేది లేదు. అంటే క్యాలెండర్లో ఎఫ్ఏ తేదీ చూడకుండా దర్శనం టికెట్ తీసుకున్నారంటే తర్వాత అటు స్వామి ఇటు సార్, మధ్యలో మీరు. 12 ఏండ్ల లోపు పిల్లోళ్ళకి ఆ దర్శనానికి టికెట్ అక్కర్లేదు, వయసు చూపించే ఆధార్ కార్డు మాత్రం పెట్టుకోండి. రైల్లో ఐదేండ్ల లోపు ఫ్రీ, ఐదు నుంచి పన్నెండు లోపల బెర్తు వద్దంటే సగం ఛార్జీ, బెర్తు కావాలంటే పూర్తి ఛార్జీ. రాత్రి ప్రయాణమైతే కక్కుర్తి పడకండి, బెర్తు తీసుకోండి, పదేండ్ల పిల్లోడిని పక్కన పడుకోబెట్టుకుంటే తెల్లార్లూ ఇద్దరికీ నిద్రుండదు.

సెలవు అడిగేటప్పుడు హెడ్‌మాస్టర్ దగ్గరికి నేరుగా పోవద్దు. ముందు క్లాస్ టీచర్. ఆయమ్మకి తెలీకుండా పైన అడిగొస్తే ఆమెకి కోపమొస్తాది, న్యాయమే గదా. బడి ఇడిసినాక, పిల్లోళ్ళు వెళ్ళిపోయినాక, రెండు నిమిషాలు నిలబడి అడగండి, ఫోన్లో కాదు, పొద్దున ప్రేయర్ టైంలో అసలు కాదు. ఎప్పుడు, ఎన్ని రోజులు, యాడికి అని మూడు మాటలు నిజం చెప్పండి. "ట్రిప్పు కూడా చదువే గదా మేడం" అని లెక్చర్ ఇచ్చేవాళ్ళుంటారు, అది మాత్రం వద్దు, ఆమె పొద్దున్నుంచి యాభై మందికి పాఠం చెప్పి గొంతు పోయి కూర్చోనుంటాది. ప్రైవేటు బడిలో ఆఫీసు రూముకి పోతే ఇంకో సంగతి, సెలవు చీటీ చేతికిస్తానే కంప్యూటర్లో చూసి "సెకండ్ టర్మ్ ఫీజు బాకీ ఉంది" అంటారు, మాకు జరిగిందే ఇది, కాబట్టి ఫీజు కట్టేసి పోతే మాట తేలికగా నడుస్తాది.

చీటీ ఇట్లా రాస్తే చాలు: "క్లాస్ టీచర్ గారికి నమస్కారం. నాలుగో తరగతి బి సెక్షన్ చదివే మా పాప వచ్చే శుక్రవారం, సోమవారం బడికి రాదు, కుటుంబంతో మైసూరుకి పోతాండాము. మంగళవారం నుంచి తప్పకుండా వస్తుంది. ఆ రెండు రోజుల పాఠాలు, హోంవర్కు మేం దగ్గరుండి చేయిస్తాము. దయచేసి సెలవు ఇవ్వగలరు." కింద తేదీలు అంకెల్లో, మీ సంతకం, ఫోన్ నంబరు. నాయన రాసినా అమ్మ రాసినా ఒకటే, పిల్లోడితో రాయించి మీరు సంతకం పెట్టొద్దు. ఇచ్చే ముందు ఒక ఫోటో తీసుకోండి, ఎందుకంటే ఆ చీటీ హాజరు రిజిస్టర్లో మడిచి పెడతారు, ఎప్పుడో రాలిపోతాది, ఆ తర్వాత లెటరే ఇయ్యలేదంటారు.

జ్వరం చీటీ ఎందుకొద్దంటానంటే పట్టుబడతామని గాదు. ఆ అబద్ధం మోయాల్సింది పిల్లోడు. వాడు గోవాలో సముద్రం చూసొచ్చినాడు, నోట్లో మాట ఆగుతాదా, ఎవరికీ చెప్పొద్దురా అని మనం బెదిరించి పంపిస్తే క్లాసులో పక్కోడు "నీకేమైందిరా" అంటే బిక్కమొహం వేస్తాడు. రేపు నిజంగానే జ్వరమొస్తే టీచర్ నమ్మదు. నిజం చెప్పి పోతే అదే టీచర్ "యాడికి పోయొచ్చినావురా, ఏం చూసినావు" అని లేపి అడుగుతాది, అప్పుడు చూడాల వాని మొహం.

కాదంటే ఏం చేయాల? ఒకసారి ఎందుకని అడగండి. ఆ వారం ఇన్‌స్పెక్షన్ ఉందనో, టెస్టు ఉందనో చెప్తే తేదీ మార్చుకోండి, వాదించొద్దు. ఊరికే కాదంటే రోజులు తగ్గించి అడగండి, నాలుగు కాదన్నోళ్ళు రెండు ఒప్పుకుంటారు. కస్తూర్బా, గురుకులం లాంటి హాస్టల్ బడులైతే ఈ బేరాలు నడవవు, రాసిచ్చిన పేరున్నోళ్ళే వచ్చి రిజిస్టర్లో సంతకం పెట్టి పిల్చుకపోవాల, చిన్నాయనని పంపిస్తామంటే ఒప్పుకోరు, అది పిల్లల మంచికే.

పోయిన పాఠాల సంగతి. తెలుగు, సోషల్ ఎట్లోకట్ల చదువుకుంటారు, లెక్కలే చిక్కు. భాగహారం మొదలుపెట్టే వారమో భిన్నాలు మొదలుపెట్టే వారమో పోయిందంటే ఆ తర్వాతవన్నీ దాని మీదే నడుస్తాయి గాబట్టి నెల దాకా తడుముకుంటారు. అందుకే సెలవు అడిగేటప్పుడే "ఆ వారం లెక్కల్లో ఏం మొదలుపెడతారు మేడం" అని అడగండి, కొత్త చాప్టర్ అంటే ఒక వారం అటో ఇటో జరపండి. ట్రిప్పులో పుస్తకాల సంచి మోసుకపోవద్దు, ఎవరూ తెరవరు, లెక్కల నోటుబుక్కు ఒకటి, పెన్సిలు ఒకటి చాలు, రైల్లో పొద్దుపోక వాళ్ళే తీస్తారు. బాగా రాసే పిల్ల ఒకరి ఇంటి నంబరు ముందే తీసుకోని రోజూ సాయంత్రం నోట్సు ఫోటోలు పెట్టమని ఆ పిల్ల అమ్మనడగండి, తిరిగొచ్చేటప్పుడు ఆ పిల్లకి ఏమన్నా చిన్న బొమ్మ తెచ్చియ్యండి. వచ్చినాక మూడు రోజుల నోట్సు ఒకే రాత్రి రాయిస్తే చెయ్యి నొస్తాది, తలకి ఏం ఎక్కదు, రోజుకి ఒక సబ్జెక్టు చొప్పున రాయించండి, టీచర్‌కి ముందే చెప్పుంటే వారం టైం ఇస్తారు.

ఇంత చెప్తాండాం గాని, మన కర్నూలు పడమటి పక్క, కోసిగి, ఆదోని, మంత్రాలయం చుట్టూ పల్లెల్లో పిల్లోళ్ళు బడి మానేది ట్రిప్పుకి గాదు. వానల్లేక, పనుల్లేక ఇంటిల్లిపాదీ సుగ్గికి, అంటే కూలి పనుల వలసకి, గుంటూరు పక్క మిరపకాయ కోతలకి, పత్తి తీతకి పోతారు, నెలల తరబడి ఇంటికి తాళం. అట్లాంటి ఊర్లలో తల్లిదండ్రులు పోయినా పిల్లలు బడి దగ్గరే ఉండి చదువుకునేదానికి సీజనల్ హాస్టళ్ళు పెడతారు. మీ పొలంలో పనిచేసే వాళ్ళో, మీ వీధిలో వాళ్ళో బిడ్డల్ని వెంటబెట్టుకోని బయల్దేరుతాంటే హెడ్‌మాస్టర్ దగ్గర దాని సంగతి అడగమని చెప్పండి, చానా మందికి ఇది ఉందనే తెలీదు.

తిరుగు ప్రయాణం ఆదివారం రాత్రికి గాకుండా ఆదివారం మధ్యాహ్నానికి ఇల్లు చేరేట్ల పెట్టుకోండి. సోమవారం తెల్లార్తో రైలు దిగి ఏడున్నరకి బడికి పంపిస్తామనుకుంటే రైలు లేటవుతాది, ఇంకో రోజు సెలవు పోతాది, చీటీలో రాసిచ్చిన మాట కూడా పోతాది. యూనిఫాం, బూట్లు పోయే ముందే ఉతికి పెట్టుకుంటే ఆ రాత్రి తిప్పలుండవు. ఆఖరికి అందరూ మర్చిపోయేది బడి ఆటో అన్నకి చెప్పేది, ఆయన మీ గేటు ముందు హారన్ కొట్టుకుంటా నిలబడితే మిగతా ఇండ్ల పిల్లోళ్ళందరికీ లేటవుతాది, పోయే ముందు సాయంత్రమే చెప్పండి, ఏ రోజు నుంచి మళ్ళీ రావాల్నో అది కూడా చెప్పండి, ఆ రోజులకి నెల డబ్బుల్లో మాత్రం తగ్గించడు, అడిగి లాభం లేదు.